అరవై నాలుగో గ్లాసు

“మళ్ళీ ఒకటి మిగిలింది,” అన్నారు మా ఆయన, ట్రే తెచ్చి గట్టు మీద పెట్టి. “అరవై నాలుగు లెక్కపెట్టడం కూడా చేతకాదా నీకు?”

అది పోయిన నెల మాట. ప్రతి నెలా మొదటి ఆదివారం మా చర్చి సంఘంలో ప్రభువు బల్ల ఉంటుంది, అంటే క్రీస్తుని తలుచుకుంటూ అందరూ ఓ రొట్టె ముక్క, ఓ గుక్క ద్రాక్షరసం తీసుకోవడం. రొట్టె ముక్కలు చెయ్యడం, బొటనవేలంత గాజు గ్లాసుల్లో ద్రాక్షరసం పొయ్యడం, అయ్యాక వాటిని కడిగి, తుడిచి, అలమరలో సర్దడం నా పని. ఆయన సంఘ పెద్ద కాబట్టి ఆ బాధ్యత ఆయనకి ఇచ్చారు, నేను ఆయన భార్యని కాబట్టి చేస్తున్నాను. శనివారం సాయంత్రం ఆయన సభ్యుల పుస్తకం ముందేసుకుని, ఊళ్ళో లేనివాళ్ళనీ, మంచాన పడ్డవాళ్ళనీ తీసేసి, ఓ అంకె చెప్తారు. అందరూ ఉంటే అరవై నాలుగు. నేను ఆయన చెప్పినన్నే పోస్తాను. అయినా ప్రతిసారీ ఒకటి మిగులుతుంది. పారబోయకూడదు కదా, అందుకని ఆయనే చర్చి వంటగదిలో నా ఎదురుగా నిలబడి గుటుక్కున తాగేసి, ఖాళీ గ్లాసు సింకులో పెడతారు. రెండేళ్ళుగా ఇదే తంతు.

నిన్న శనివారం మాత్రం ఆయన తెలివి ఉపయోగించారు. “రేపు అందరూ వస్తున్నారు. అయినా నువ్వు అరవై మూడే పొయ్యి. నీ చేతిలో ఏదో తేడా ఉంది,” అన్నారు. సరే అన్నాను.

రెండేళ్ళ కిందట టీ పెద్దమ్మ పోయింది. ముప్పై ఏళ్ళు ఆవిడే సంఘానికి టీ కాచింది. ఆవిడ తర్వాత ఎవరు అనుకుంటుంటే, “మా కోడలుంది కదా,” అంది అత్తయ్య, నా వైపు చూడకుండానే. ఆశీర్వాదం ముగిసేసరికి అందరి చేతుల్లో వేడి టీ ఉండాలి. కాబట్టి లోపల బల్ల జరిగే వేళకి నేను పొయ్యి దగ్గర ఉంటాను. పక్కకి తిరిగితే పాలు పొంగిపోతాయి. ప్రసంగంలో మొదటి పది నిమిషాలూ, చివరి ఆమెనూ నాకు దక్కుతాయి.

మిగతా ఆరు రోజులు పళ్ళ డాక్టరు గారి దగ్గర కౌంటర్లో కూర్చుంటాను. “కాస్త నవ్వుతూ ఉండమ్మా, పేషెంట్లు బెదిరిపోతున్నారు,” అంటారాయన. ఇంటికొచ్చాక నవ్వమని అడిగేవాళ్ళు లేరు, అన్నం ఎంతసేపని అడిగేవాళ్ళే. మోకాళ్ళు లాగేస్తున్నాయండీ అంటే, మా ఆయన ఫోన్లోంచి తలెత్తకుండా, “ఎన్నాళ్ళులే ఇదంతా! అక్కడ, పరలోకంలో ఏ నొప్పీ ఉండదు,” అంటారు. ఆయనకి పన్ను నొప్పి వస్తే మాత్రం అక్కడిదాకా ఆగలేదు, ఆ మధ్యాహ్నమే మా డాక్టరు గారి కుర్చీలో పడుకున్నారు. అత్తయ్యదీ అదే పాట. “దేవుడి పనికి విసుక్కోకూడదమ్మా. నీ కిరీటం నీకు పైన దాచి ఉంది.” కిరీటం ఎవరికి కావాలి, ఓ గంట కాళ్ళు చాపుకోనిస్తే చాలు అని నోటిదాకా వచ్చింది.

నాకు నమ్మకం లేక కాదు. పదిహేడో ఏట బాప్తిస్మం తీసుకుని నీళ్ళలోంచి లేచినప్పుడు, ఒకనాడు ప్రభువుని కళ్ళారా చూస్తానని వెక్కి వెక్కి ఏడ్చిన పిల్లని. ఇప్పుడు పరలోకం అనగానే నాకు ఉతికిన దుప్పటి పరిచిన మంచం కనిపిస్తోంది. ప్రభువుని చూడాలని కాదు, పడుకోవాలని అక్కడికి వెళ్ళాలనుకుంటున్నాను. ఈ సంగతి గ్రహించిన రోజు నాకు భయం వేసింది. వీళ్ళందరి మీదా ఉన్న కోపం కంటే ఆ భయమే పెద్దది.

ఈవేళ ప్రసంగం నిరీక్షణ గురించి. పాలలో పంచదార కలుపుతుంటే మా ఆయన ఖాళీ ట్రేలతో వచ్చారు. మొహం వెలిగిపోతోంది.

“చూశావా? సరిగ్గా సరిపోయింది. ఒక్కటి కూడా మిగల్లేదు!”

“అందరూ వచ్చారా?”

“ఒక్కరు తప్పలేదు. అరవై నలుగురూ ఉన్నారు.”

“గ్లాసులు అరవై మూడేగా?”

“అదేగా నేను చెప్తోంది, నీ లెక్కలో తేడా ఉందని!” అని మళ్ళీ హాల్లోకి వెళ్ళిపోయారు.

సభ్యుల పుస్తకం గట్టు మీదే ఉంది. వేలు పెట్టి ఒక్కో పేరూ చదివాను. పద్దెనిమిది ఆయన. పంతొమ్మిది నేను. గరిటె కింద పెట్టేశాను.

నేను బల్ల తీసుకోవడం లేదని నాకు తెలియక కాదు. పాలు పొంగుతాయి, వచ్చే నెల చూద్దాంలే అనుకుంటూ వచ్చాను. మిగిలే ఆ గ్లాసు నాదని మాత్రం ఏనాడూ తట్టలేదు. రెండేళ్ళు నా గ్లాసు నేనే నింపి పంపాను, మా ఆయన తాగారు. ఈవేళ నా చేతులతో నేనే దాన్ని లేకుండా చేశాను. అరవై నాలుగు మందిలో ఒకరు తక్కువైతే లెక్క సరిపోయిందని సంతోషించారు. టీ పెద్దమ్మ గ్లాసు ముప్పై ఏళ్ళు ఎవరు తాగారో! ఆవిడ సమాధి దగ్గర, “మన సహోదరి విశ్రాంతిలో ప్రవేశించింది,” అన్నారు పాస్టరు గారు. అందరం ఆమెన్ అన్నాం. నేనూ అన్నాను.

పొయ్యి ఆపేశాను. చేతులు తుడుచుకుని హాల్లోకి నడిచాను. చివరి పాట జరుగుతోంది. నడవ మధ్యలోంచి తిన్నగా ముందుకి వెళ్ళి, పాస్టరు గారి ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చున్నాను. పాట ఒక్కొక్క గొంతూ తగ్గుతూ ఆగిపోయింది. మా ఆయన వంగి, “టీ అయిందా?” అన్నారు.

“నేనింకా తీసుకోలేదు, పాస్టరు గారూ,” అన్నాను.

“గ్లాసులు అయిపోయాయే,” అన్నారు మా ఆయన, పళ్ళ మధ్య నుంచి. “వచ్చే నెల తీసుకుందువుగానిలే. లే.”

వెనక అత్తయ్య దగ్గింది. నేను కాళ్ళు చాపుకుని మా ఆయన వైపు చూశాను.

“పరలోకంలో విందుకి ఎలాగూ వస్తానండీ. ఈ బల్ల మాత్రం నాకు ఈవేళే కావాలి. సీసా అలమరలో పై అరలో ఉంది, గ్లాసు కడిగి, నింపి తీసుకురండి.”