ఉప్పు అమ్మ వంతు

స్వెటర్ అడుగున పెట్టాలా పైన పెట్టాలా, పైన పెడితే దారిలో చలేస్తే చేతికందుతుంది, అయినా ఈ ఎండల్లో చలేమిటి అని బయటికి తీసి, వానలు వెలిసేదాకా అక్కడే కదా ఉండేది అని మళ్ళీ లోపల పెట్టి, ఆమె మంచం అంచున కూలబడింది, మోకాళ్ళు పొద్దుటి నుంచే సలుపుతున్నాయి, తొంభై దాటిన అమ్మ ప్రయాణానికి డెబ్బై దగ్గర పడుతున్న కూతురు సంచి సర్దడం, చూసినవాళ్ళెవరైనా ఇద్దరిలో ఎవరు వెళుతున్నారని అడుగుతారు, చెల్లెలి మొగుడు పదింటికల్లా కారు తెస్తానన్నాడు, అన్నమాట మీద నిలబడే మనిషి, అదే వచ్చిన చిక్కు, ఇంకొకడైతే భోజనాల వేళకి గానీ వచ్చేవాడు కాదు, ఇంకో పూట దొరికేది, ఇంకో పూట దొరికితే ఏం చేస్తుంది, వండుతుంది, కడుగుతుంది, అమ్మ వెనకాలే తిరుగుతుంది, నడుం నొక్కుకుంటూ పడుకుంటుంది, వద్దులే, పదింటికే రానీ, మడతపెట్టిన బట్టల మీద అత్తగారు ఎక్కి కూర్చుంది, లేవమ్మా నీకు దండం పెడతాను అంటే లేవదు, అత్తగారంటే పిల్లి, ఆ పేరు అమ్మ పెట్టింది, పిలవకుండా వచ్చి, పెట్టింది తిని, వంక పెట్టినట్టు మూతి తిప్పుకుని గోడెక్కి వెళ్ళిపోయేది మొదట్లో, అచ్చం మీ అత్తగారేనే, అక్కడ తప్పించుకున్నాననుకున్నావు, నిన్ను వెతుక్కుంటూ ఇక్కడికే వచ్చింది అని అమ్మ పళ్ళు లేని నోటితో నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకుంది, ఆ పేరే ఖాయమైపోయింది, అత్తగారికి పాలు పోశావా, అత్తగారు సోఫా గీరుతోంది చూడు, అంటూ ఉంటే వీధిలో పోయేవాళ్ళు ఆగి విని ముక్కున వేలేసుకునేవారు.

పెరట్లో నీళ్ళ చప్పుడు, అమ్మ మొక్కలకి పోస్తోంది, పొద్దున ఒకసారి పోసింది కదా అని నోటిదాకా వచ్చింది, అనలేదు, ఇవాళ్టికి పోయనీ, ఆ పెరడూ ఈ వంటిల్లూ తప్ప అమ్మకి వేరే లోకం ఏముంది, తనకి మాత్రం ఏముంది, మొగుడు లేని ఇంట్లో ఉండలేక ముప్పై ఏళ్ళ కిందట ఇదే సంచి లాంటి సంచితో ఈ గుమ్మం ఎక్కినప్పుడు అమ్మ ఎందుకొచ్చావని అడగలేదు, ఎన్నాళ్ళుంటావనీ అడగలేదు, చేతిలో కత్తిపీట పెట్టి చిక్కుళ్ళు తరగమంది, మొదటి నెలంతా ఒక పొయ్యి దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు భుజాలు రాసుకుంటూ, నూనె ఎక్కువ పోశావంటే నువ్వు మూత పెట్టలేదంటూ కొట్టుకు చచ్చారు, చివరికి ఒకరోజు అమ్మే పంపకం తేల్చింది, కోతా పొయ్యీ నీవి, మొక్కలూ ఉప్పూ నావి, నా వంతులో నువ్వు వేలు పెట్టకు, నీ వంతులో నేను నోరు పెట్టను, అంతే, ఆ తరవాత ముప్పై ఏళ్ళూ ఈ ఇంట్లో ఆమె కూరలో ఉప్పు వేయలేదు, రుచి కూడా చూడలేదు, కూర ఉడకగానే అమ్మా ఉప్పు అని వంటింటి కిటికీలోంచి కేక పెడితే, అమ్మ తీగకి పందిరి కడుతున్నదల్లా వదిలేసి, మట్టి చేతులు కుళాయి కింద కడుక్కుని, తుడుచుకుంటూ వచ్చి, తెల్ల పింగాణీ డబ్బాలో మూడు వేళ్ళు పెట్టి, గిన్నె వంక ఒకసారి చూసి, రుచి చూడకుండానే చల్లి, ఊ కలుపు అనేది, ఎప్పుడూ తప్పలేదు, పదిమంది తిన్నా ఇద్దరే తిన్నా ఎవరూ ఉప్పు మాట ఎత్తలేదు, మధ్యాహ్నాలు పాలకూర ఆకులు తుంచుతూ అమ్మ కూర్చుంటే ఆమె పాత పుస్తకమేదో చదివి వినిపించేది, ఆమెకి చదువు అబ్బిందంటే సరుకులు చుట్టిన కాగితాల మీద అబ్బిందే, అమ్మ మధ్యలో ఆపి, ఆ పిల్ల ఆ వెధవని ఎందుకు చేసుకుందే, దాన్ని ఇటు పంపు నేను మాట్లాడతాను అనేది, పుస్తకంలో మనుషులమ్మా అంటే, అయితే మాత్రం బుద్ధుండక్కర్లేదా అనేది.

ఎప్పుడు మొదలైందో చెప్పడం కష్టం, పోయినేడు ఎండాకాలం అనుకుంటుంది ఆమె, చిక్కుడుకాయ కూర ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, ఉప్పు కషాయం, మంచినీళ్ళు తాగి నవ్వుకున్నారు, నీ ధ్యాస ఎక్కడుందే అమ్మా అంటే నా ధ్యాస గిన్నెలోనే ఉంది, నువ్వే వేసుంటావు అంది అమ్మ, నా జన్మలో వేశానా, వేసుంటావు లేవే, ముసలిదానివవుతున్నావు, మతిమరుపు నీకు, నవ్వే, కానీ వారం తిరక్కుండా మళ్ళీ, ఆ పైవారం రెండుసార్లు, ఆమె కనిపెట్టింది, అమ్మ ఉప్పు వేసి పెరట్లోకి వెళ్ళి, రెండు కలుపు మొక్కలు పీకి, చేతులు కడుక్కుని తుడుచుకుంటూ మళ్ళీ వస్తుంది, మళ్ళీ మూడు వేళ్ళు, మళ్ళీ ఊ కలుపు, అదే మొహం, అదే పెద్దరికం, పుదీనా కుండీకి అలాగే పొద్దున్నా పోసి కాసేపటికీ పోసి వేళ్ళు కుళ్ళిపోయి నల్లబడింది, టమాటా మొక్కలు పసుపురంగుకి తిరిగాయి, అత్తగారికి మాత్రం యోగం పట్టింది, పూటకి మూడుసార్లు పాలన్నం, వద్దనే గుణం ఆ జాతిలో లేదు, తిని తిని దిండులా తయారైంది, వేసిన ఉప్పు తియ్యలేక ఆమె కూర పారబోసి రెండోసారి వండేది, అమ్మ కునుకు తీసేటప్పుడు చప్పుడు కాకుండా, ఒళ్ళు హూనమయ్యేది, అమ్మా నువ్వు ఇందాక వేశావు అని ఒక్కసారి అని చూసింది, అమ్మ చెయ్యి డబ్బా మీదే ఆగిపోయింది, ఆ పూట అన్నం సగం వదిలేసింది, ఇంకెప్పుడూ అనకూడదనుకుంది ఆమె, అనకుండా ఎలా అని మూడు రోజులు ఆలోచించి, డబ్బాలో ఉప్పంతా ఒంపేసి బియ్యప్పిండి పోసింది, తన ఉప్పు వేరే పొట్లంలో అలమర వెనక దాచుకుంది, ముందే తను వేసేసేది, దొంగతనంగా, మొదట్లో ఎంత వేయాలో తెలీక చిటికెడు చిటికెడు నాలుక మీద పెట్టుకుని చూసుకుంటూ, ఈ వయసులో ఉప్పు మళ్ళీ నేర్చుకోవడం, ఆ తరవాత అమ్మా ఉప్పు అని ఎప్పట్లాగే కేక, అమ్మ వచ్చి ఒకసారి చల్లనీ మూడుసార్లు చల్లనీ, పిండే కదా, కూర కాస్త చిక్కబడేది, అంతే.

ఇదంతా చెల్లెలికి తెలీదు, చెల్లెలు పోయిన నెల చెప్పాపెట్టకుండా వచ్చేసరికి ఆమె వంటింట్లో కింద కూర్చుని ఉంది, కూర్చుంది కాదు పడింది, లేవలేకపోతోంది, పొయ్యి మీద పప్పు పొంగి పొయ్యి ఆరిపోయింది, పెరట్లో కుళాయి వదిలేసి ఉంది, ఏంటక్కా ఇది, నువ్వు పోతావా అమ్మ పోతుందా ముందు, నాకు చెప్పాలనిపించలేదా, వానలు వెలిసేదాకా అమ్మని నా దగ్గర ఉంచుకుంటాను, నువ్వు కాస్త నడుం వాల్చు, నీ మొహం చూసుకున్నావా అద్దంలో అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది, వద్దులేవే, ఈ పెరడు విడిచి అమ్మ ఉండలేదు అంది ఆమె, ఒక్కసారే అంది, రెండోసారి అనడానికి ఊపిరి తీసుకునేలోపే అమ్మ గుమ్మంలో నిలబడి, వస్తానే చిన్నదానా, మీ ఇల్లు చూసి ఎన్నాళ్ళయింది అనేసింది, ఇంత తేలిగ్గానా అని ఆమెకి చివుక్కుమంది, ఆ వెంటనే భుజాల మీంచి ఏదో దిగినట్టయింది, చివుక్కుమన్నదే ఎక్కువసేపు గుర్తుంచుకుంది, దిగిందాన్ని గురించి ఆలోచించలేదు, ఆలోచించకుండా ఉండడం కూడా ఒక పనే, ఒళ్ళు అలసిపోయే పని.

అమ్మ తడి కాళ్ళతో లోపలికొచ్చి మంచం మీద కూర్చుంది, అత్తగారు బట్టల మీంచి దిగి అమ్మ ఒళ్ళోకి మారింది, మందులు పక్క జేబులో పెట్టాను, దువ్వెన ఇక్కడ, మెత్తటి చెప్పులు కవర్లో, అంటూ ఆమె చెబుతూనే ఉంది, అసలు భయం వేరే ఉంది, చెల్లెలి వంటింట్లో అమ్మ ఉప్పు డబ్బా కోసం చెయ్యి చాస్తే, అది నిజం ఉప్పయితే, అందరి ముందూ కూర పాడైతే, మరిది మంచివాడే, పిల్లలు నవ్వుతారు, అమ్మ చెయ్యి మళ్ళీ అలా ఆగిపోతుంది, అందుకే రాత్రంతా దొర్లి దొర్లి ఒక ఉపాయం తేల్చుకుంది, పింగాణీ డబ్బాకి మూత బిగించి గుడ్డ చుట్టి సంచిలో పెట్టేస్తే సరి, చెల్లెలికి ఫోన్‌లో చెప్పొచ్చు, ఆ మూటని అడుగున తోస్తోంటే, అదేంటే అంది అమ్మ, నీ ఉప్పు డబ్బానే అమ్మా, అక్కడ కూడా నీ చెయ్యే పడాలి కదా, తీసెయ్యి, ఎందుకే, బరువేముంది, తీసెయ్యవే పెద్దదానా, దాని ఇంట్లో పిండికి కరువా, అంది అమ్మ, పిల్లి చెవుల వెనక గీరుతూ, మొహం ఎత్తకుండా, ఆమె చేతులు సంచిలోనే ఉండిపోయాయి, ఎప్పట్నుంచి అని అడిగింది, మొదటి రోజు నుంచే, వేళ్ళకి తెలీదటే, ఉప్పు గరగరలాడుతుంది, పిండి జారిపోతుంది, ఎనభై ఏళ్ళు పట్టుకున్న వేళ్ళివి, నాలుక చచ్చినా ఇవి చావలేదు, మరి చెప్పలేదేం అమ్మా, ఏం చెప్పను, నువ్వే వేస్తున్నావని ముందు కోపమొచ్చింది, నా వంతులో దొంగలా దూరావని, రెండు రోజులు నీతో మాట్లాడలేదు చూడు, మోకాలు నొప్పి అన్నాను, తరవాత కూర్చుని ఆలోచిస్తే తెలిసింది, ఇది ఊరికే చేసే పిల్ల కాదు, నేనేదో చేస్తున్నాను, అది నాకు తెలీడం లేదు, పిండి తగిలినప్పుడల్లా ఓహో నా బుర్ర ఇలా ఉందన్నమాట అనుకునేదాన్ని, రెండోసారి వచ్చానో మొదటిసారో అప్పటికీ తెలిసేది కాదు, అయినా చల్లేదాన్ని, నువ్వు కేక పెడుతున్నావు కదా, రాకపోతే బాగోదు కదా, పాపం నువ్వంత కష్టపడి దాచావు, అని అమ్మ నవ్వింది, తను అమ్మ దగ్గర దాచాలనుకున్నదాన్ని తన చేతులతోనే రోజూ రెండు పూటలా అమ్మ వేళ్ళకి అందించిందన్నమాట, మొక్కల్నే పాపం ఎలా మోసం చెయ్యాలో నీకు తోచలేదు అంది అమ్మ, పుదీనా పోయింది, నువ్వు చెప్పనిది నాకు చెప్పడానికి అదొక్కటే చచ్చిపోయింది.

ఇప్పుడు అనాలి, వెళ్ళకమ్మా అని ఇప్పుడే అనాలి, సంచిలోంచి బట్టలు తీసి అలమరలో పడేస్తే అయిపోతుంది, దాచాల్సిందేమీ లేదు కాబట్టి ఇకమీదట తేలికవుతుంది కూడా, ఇద్దరూ కలిసే ఉప్పు వెయ్యొచ్చు, అనుకుంటూ ఉంటే మోకాలు కలుక్కుమంది, కుళాయి కట్టేశారో లేదో చూడాలి, పాలు ఎన్నిసార్లు పోశారో చూడాలి, రేపూ ఎల్లుండీ ఆ పైనా, నోరు తెరవబోతే ఆవలింత వచ్చింది, సిగ్గు లేకుండా పెద్ద ఆవలింత, అమ్మ చూసింది, రాత్రి నిద్రపోలేదా అంది, బయట హారన్ మోగింది, పదింటికింకా అయిదు నిమిషాలుంది, మరిది చెప్పులు విప్పుతూ, ఏం వదినగారూ, అత్తగారు రెడీనా అన్నాడు, ఇదిగో ఎప్పుడూ రెడీనే, కాస్త బరువెక్కింది అని అమ్మ పిల్లిని ఎత్తి చూపించింది, మరిదికి అర్థం కాక ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు, అంత బాధలోనూ ఆమెకి నవ్వొచ్చింది, నవ్వుతూనే సంచి జిప్పు లాగింది, జిప్పు మధ్యలో పట్టేస్తుందేమో అనుకుంది, పట్టలేదు, సాఫీగా వెళ్ళిపోయింది, అమ్మ గోడ పట్టుకుని నడుస్తూ చిక్కుళ్ళు ముదరనివ్వకు, లేతగా ఉండగానే కొయ్యి, తీగ మొదట్లో పొయ్యి, ఆకుల మీద కాదు, ఇదిగో అత్తగారూ, మా పిల్లని సతాయించకండి అని పిల్లికి కూడా అప్పగింతలు పెట్టి కారులో కూర్చుంది, ఆమె అమ్మ వీపు వెనక దిండు సర్దింది, కాళ్ళ మీద శాలువా కప్పింది, మందులు మర్చిపోకు అంది, అమ్మ సరే అంది, కిటికీలోంచి మొహం బయటపెట్టి ఆమె వంక చూస్తూ కూర్చుంది, మరిది అద్దం సర్దుకున్నాడు, బెల్టు పెట్టుకున్నాడు, అమ్మ ఇంకా అలాగే చూస్తోంది, ఏమైనా కావాలా అమ్మా, ఏం లేదు, వెళ్ళు ఎండలో నిలబడకు, కారు కదిలింది, మూల మీద ఇస్త్రీ బండి దాటి తిరిగింది.

లోపలికొచ్చి తలుపు వేసి, వంటింట్లోకి పోదామనుకుని, పోలేక, అమ్మ మంచం మీదే ఒరిగింది, ఒక్క పది నిమిషాలు అనుకుంది, ఎవరూ పిలవలేదు, ఎక్కడా నీళ్ళ చప్పుడు లేదు, అంత నిద్ర ఎన్నాళ్ళుగా ఒంట్లో పేరుకుని ఉందో, అది ఆమెని అడుక్కి లాక్కుపోయింది, లేచేసరికి ఎండ కిటికీ దిగి గోడకి వాలింది, మెడ నొప్పి లేదు, మోకాళ్ళు నిజంగానే తేలిగ్గా ఉన్నాయి, గ్లాసు నిండా నీళ్ళు తాగింది, నీళ్ళు తియ్యగా ఉన్నాయి, ఎంత హాయి అని పైకే అనేసి, ఆ మాట ఖాళీ ఇంట్లో తనకే వినబడి నిలబడిపోయింది, ఏదో మర్చిపోయింది, ఏమిటది, మందులు పెట్టింది, చెప్పులు పెట్టింది, శాలువా కప్పింది, వస్తువు కాదు, మాట, కారు కిటికీలోంచి అమ్మ దేనికోసం అలా చూస్తూ కూర్చుందో ఇప్పుడు తట్టింది, లారీ ఎక్కుతున్న నాన్నని ఎప్పుడొస్తావని అడిగింది చిన్నప్పుడు, ఆదివారం అన్నాడు, వంతెన పనికి వెళుతున్న మొగుణ్ణి ఎప్పుడొస్తావని అడిగింది, పని అయిపోగానే అన్నాడు, గడప దాటిన ప్రతి మనిషినీ అడిగింది, అడగని ప్రాణం లేదు, వాళ్ళెవరూ రాకపోయినా అడగడం మానలేదు, రావాలని ఉంటేనే అడుగుతారు, అమ్మని అడగలేదు, వానలు వెలిసేదాకా అన్నది చెల్లెలి మాట, అమ్మ నోటితో ఒక రోజు చెప్పించుకోలేదు, చెప్పించుకుంటే ఆ రోజుకి ఈ నిద్ర అయిపోతుంది, అందుకని అడగలేదు, అమ్మకి అది కూడా తెలిసింది, వేళ్ళతో పట్టుకున్నట్టే పట్టుకుంది, అయినా కారు కదిలేదాకా అడుగుతుందేమో అని చూసింది.

అమ్మ తిరిగి రాలేదు. ఆ ఏడు వానలు మొదలైన రెండో వారంలో, ఒక బుధవారం మధ్యాహ్నం, చెల్లెలి ఇంట్లో నిద్రలోనే పోయింది.