కొక్కెం దగ్గరి ముక్క

కబేళా నుంచి ఫోన్ వచ్చినప్పుడు మోరా కెరిగన్ షెడ్డులో ఉన్ని బేళ్ల మీద ముద్ర వేస్తోంది. ఫోన్ చేసింది మాంసం తనిఖీ చేసే మనిషి. ఆమెకు తెలిసినవాడే.

"మళ్లీ తట్టే, మోరా. మీరు పంపిన గొర్రెపిల్లల్లో మూడో వంతుకి ఉంది. గుండెల్లో ఉంది, గుండె కింద పొరల్లో ఉంది. వాటిని పక్కన పడేశాం."

"పోయినేడు కంటే తక్కువేనా?"

"ఎక్కువ."

వాళ్లుండే వైరరాపా కొండల్లో గొర్రె తట్టు అనేదానికి మనుషులకు వచ్చే తట్టుతో సంబంధం లేదు. కుక్క కడుపులో బద్దెపురుగు ఉంటే దాని గుడ్లు కుక్క పెంటతో పచ్చికలో పడతాయి. ఆ గడ్డి మేసిన గొర్రె మాంసంలో బఠాణీ గింజంత తిత్తులు కడతాయి. ఆ మాంసాన్ని ఇంకో కుక్క పచ్చిగా తింటే దాని కడుపులో మళ్లీ పురుగు పుడుతుంది. మనుషులకు హాని లేదు. తిత్తులున్న మాంసం కొనేవాడు మాత్రం ఉండడు. అందుకని అక్కడ కుక్కకు గొర్రె మాంసం పెట్టాలంటే ఉడికించాలి, లేదా పది రోజులు ఫ్రీజర్‌లో గడ్డకట్టించాలి. చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతి ఇది.

మధ్యాహ్నం భోజనం దగ్గర మోరా తండ్రికి విషయం చెప్పింది. డెస్ కెరిగన్‌కు డెబ్బై ఎనిమిదేళ్లు. భూమి ఆయన పేరు మీద ఉంది. ఆయన ఫోర్కు కింద పెట్టాడు.

"సరే. గురువారం బ్లెయిర్‌ని రమ్మంటాను."

బ్లెయిర్ పైన్ చెట్ల కంపెనీ మనిషి. లోయలో ఇప్పటికే రెండు గొర్రెల ఫారాలు ఆ కంపెనీకి పోయాయి. అక్కడ ఇప్పుడు కొండ మొదలు నుంచి కొస దాకా పైన్ మొక్కలే. గొర్రెలు లేవు, కంచెలు తీసేశారు, ఇళ్లు మూసేశారు. ఇంకొక్క ఏడాది తట్టు వస్తే తానూ అమ్మకం కాగితం మీద సంతకం పెడతానని డెస్ పోయిన వేసవిలోనే చెప్పాడు. మోరాకు నలభై తొమ్మిదేళ్లు. ఆ కొండ మీద గొర్రెలు మేపడం తప్ప ఆమె ఇంకో పని చేయలేదు, చేయాలనుకోలేదు.

"నాన్నా, ఒక్క ఏడాది ఆగు."

"ఆగితే ఏమవుతుంది? మన తప్పయితే దిద్దుకుంటాం. మన తప్పేముంది ఇందులో? ఆ పట్నం మనిషి రెండు కుక్కలకీ పచ్చి మాంసం పెడుతుంది. పెట్టి ఊరుకుంటుందా, ఫోటోలు తీసి ఊరందరికీ చూపిస్తుంది. అలాంటివాళ్లు పక్కన చేరాక గొర్రెలు పెంచలేం. నేనోడిపోలేదు. నన్ను వెళ్లగొట్టారు. అది రాసి పెట్టుకో."

ఇదే మాట ఆయన పోయిన నెల ఊరి హాల్లో లేచి నిలబడి, ఆ పట్నం మనిషి ఫిలిప్పా పేరు పెట్టి అన్నాడు. ఫిలిప్పా అక్కడే కూర్చుని ఉంది. ఆయన కూర్చోగానే మోరా లేచింది. ఆ కుక్కలు తన పచ్చికలో కనబడితే తుపాకీ తీస్తానంది. కొందరు చప్పట్లు కొట్టారు.

భోజనం బల్ల మీదే వదిలేసి మోరా ట్రక్కు ఎక్కింది.

ఫిలిప్పా వెల్లింగ్టన్‌లో ఉద్యోగం మానేసి వచ్చి రెండేళ్లయింది. పక్క లోయలో కొంచెం నేల కొనుక్కుంది. మోరా వెళ్లేసరికి వరండాలో బల్ల మీద కోడి మెడలు కొడుతోంది. కుక్కలు రెండూ మెట్ల మీద కూర్చుని కత్తి వైపు చూస్తున్నాయి.

"తుపాకీ తెచ్చారా?" అంది ఫిలిప్పా.

"వెటకారాలొద్దు. నా గొర్రెపిల్లల్లో మూడో వంతు చెత్తలోకి పోయాయి. మీకేం తెలుస్తుంది? మీకిది సరదా."

"నా కుక్కలు బతకడం సరదానా? బస్తాల్లో వచ్చే ఆ మాడిన పిండి గుళికలు తిని పెద్దదానికి చర్మమంతా ఊడిపోయింది. పచ్చి మాంసం మొదలుపెట్టాక బొచ్చు వచ్చింది. చూడండి. కళ్లున్నాయిగా."

"బొచ్చు సంగతి నాకెందుకు? గొర్రెల దేశంలోకి వచ్చి కుక్కకి పచ్చి మాంసం పెట్టడమేంటి, బుద్ధుందా?"

"మీ కుక్కలు ఏం తింటాయి?"

"గొర్రె."

"వండి పెడతారా?"

"ఎవరు వండుతారు పన్నెండు కుక్కలకి? పచ్చిదే. కానీ మాది పది రోజులు ఫ్రీజర్‌లో గడ్డకట్టిన పచ్చి మాంసం."

"అంటే మీరు పెడితే కుక్కల తిండి, నేను పెడితే విషం."

"మాటలు మార్చకు!" అంది మోరా. అక్కడి నుంచి ఇద్దరూ మీరు అనడం మానేశారు.

ఫిలిప్పా కత్తి బల్ల మీద గుచ్చింది. "రా. లోపలికి రా. బూట్లు విప్పక్కర్లేదు."

లోపల ఫ్రీజర్ మూత ఎత్తి ఒక్కొక్క సంచీ తీసి నేల మీద పడేసింది. కోడి మెడలు, ఎద్దు మాంసం, కుందేళ్లు. అన్నీ రాళ్లలా ఉన్నాయి. "గొర్రె ఎక్కడుందో చూపించు. రెండేళ్లలో నా కుక్కలు ఒక్క గొర్రె ముక్క ముట్టలేదు. ఎందుకో తెలుసా? ఇక్కడికి రాకముందే ఈ తట్టు గురించి చదువుకున్నాను. పక్కన గొర్రెలు పెంచేవాళ్లున్నారు, జాగ్రత్తగా ఉండాలనుకున్నాను. ఆ హాల్లో మీ నాన్న నన్నొక్క ప్రశ్న అడగలేదు. నువ్వూ అడగలేదు."

"ఈరోజు లేదు. నిన్న ఉందేమో."

"పో ఇక్కణ్ణుంచి."

మోరా వెళ్లిపోయింది. దారి పొడుగునా ఆమె కోపం తగ్గలేదు. అయితే ఎద్దులోనూ కోడిలోనూ కుందేలులోనూ ఈ పురుగు ఉండదని ఆమెకు తెలుసు.

మర్నాడు పొద్దున కుక్కల కోసం ముసలి గొర్రెల్ని కోసే పని ఉంది. డెస్ కోస్తాడు. గొర్రెల కాపరి రెవి వాటిని పట్టుకుంటాడు, కొక్కేనికి తగిలిస్తాడు. మాంసం ఫ్రీజర్‌కి చేర్చడానికి మోరా ట్రక్కును వెనక్కి నడిపి కోత కొట్టం గుమ్మానికి ఆనించింది. డెస్ ముసలి కుక్క టిప్ గుమ్మం లోపల తన చోట్లో కూర్చుని ఉంది. మందను తోలడం మానేసి, కుక్కల గూడు వదిలి రెండేళ్లు దాటింది. రాత్రి ఇంటి వరండాలో పడుకుంటుంది, పగలు డెస్ మోటారు బండి వెనక ఎక్కి కొండంతా తిరుగుతుంది.

"మెల్లగా కొయ్యి పెద్దాయనా, గొర్రె ఎక్కడికీ పారిపోదు," అన్నాడు రెవి.

"నీ పెళ్లి వంటకి నేను వంక పెట్టలేదు, నా కోతకి నువ్వు వంకలు పెట్టకు," అన్నాడు డెస్.

ఆయన పొట్ట చీల్చి పేగులు గుంటలోకి తోశాడు. గుండె కోశాడు. చూడకుండానే దాన్ని వెనక్కి విసిరాడు. టిప్ లేవలేదు. మెడ చాచి గాల్లోనే అందుకుంది. రెండుసార్లు నమిలి మింగింది.

రెవి తలెత్తలేదు. మోరాకు కూడా మొదట అందులో కొత్తగా ఏమీ కనబడలేదు. పుట్టినప్పటి నుంచి ఆమె ఆ చెయ్యి అలా వెనక్కి వెళ్లడం చూస్తోంది. తాత కూడా అలాగే విసిరేవాడు. కొక్కెం దగ్గర కూర్చున్న కుక్కకు కొక్కెం దగ్గరి ముక్క. రెండో గొర్రె పొట్ట చీలింది. చెయ్యి మళ్లీ వెనక్కి వెళ్లింది.

"నాన్నా, ఏం పెట్టావు దానికి?"

"దేనికి?"

"టిప్‌కి. ఇప్పుడు. ఏం పెట్టావు?"

"ఏం పెట్టాను? ఏం పెట్టలేదే. వాడి తిండి సాయంత్రం కదా."

"గుండెకాయ పెట్టావు!"

"ఓ, అదా. అది తిండా?"

మోరా ట్రక్కు దిగింది. "పచ్చి గుండెకాయ. గడ్డకట్టించనిది. తిత్తులు ముందు కట్టేది ఎక్కడ? గుండెలోనేగా! రెవీ, మందు వేసే రోజున టిప్‌కి పురుగుల మాత్ర వేస్తున్నారా?"

రెవి చొక్కాతో చేతులు తుడుచుకున్నాడు. "మాత్రలు కుక్కల గూళ్ల వరుసలో వేస్తాం, మోరా. అది గూట్లో ఉండదు. ఇంటి కుక్కకి ఇంటివాళ్లు వేస్తారనుకున్నాం."

"ఇంటివాళ్లం నువ్వు వేస్తావనుకున్నాం. చాలా బాగుంది."

ఆమె వరండాలోకి వెళ్లి టిప్ పడుకునే కంబళి ఎత్తి దులిపింది. ఉన్నిలో ఎండిన తెల్లటి బద్దెపురుగు ముక్కలు అంటుకుని ఉన్నాయి. ఒక్కోటి దోసగింజంత ఉంది. కంబళి అలాగే పట్టుకొచ్చి తండ్రి కాళ్ల దగ్గర పడేసింది.

"చూడు. నీ పట్నం మనిషి కుక్క కాదు. నీ కుక్క. నీ బండి ఎక్కించుకుని, కొండ మీద ప్రతి పచ్చికలో దింపి, పురుగు గుడ్లు నువ్వే చల్లించావు!"

"అరవకు. ఒక్క ముక్కకి ఇంత గోలా? మా నాన్నా పెట్టాడు, ఆయన నాన్నా పెట్టాడు."

"అందుకే అరుస్తున్నా! ఫ్రీజర్ మూత మీద తేదీలు రాస్తావు, పనివాళ్లని తిడతావు, హాల్లో నిలబడి ఒక ఆడమనిషి పరువు తీస్తావు. నీ సొంత చెయ్యి ఏం చేస్తుందో నీకు తెలీదు. నా పిల్లలు పోయాయి నాన్నా. వరసగా రెండేళ్లు. నా కొండ పోతోంది."

"నా కొండ," అన్నాడు డెస్.

"నీదే. అమ్ముకో. అలిసిపోయాను, అమ్ముతున్నాను అని చెప్పి అమ్ముకో. నెపం ఆ మనిషి కుక్కల మీద పెట్టి అమ్మావంటే మాత్రం ఊరుకోను."

డెస్ కత్తి కడగకుండానే తొట్టిలో పడేసి బయటికి నడిచాడు. టిప్ ఆయన వెనకే వెళ్లింది.

సాయంత్రం మోరా ఫిలిప్పా గేటు దగ్గర ట్రక్కు ఆపి ఉన్నదున్నట్టు చెప్పింది. ఫిలిప్పా గేటు తెరవలేదు.

"నువ్వొచ్చి నా చెవిలో చెప్తే నాకేంటి లాభం? కొట్లో నాకు సరుకులిచ్చే అమ్మాయి నా మొహం చూడటం మానేసింది. మీ నాన్నని చెప్పమను."

"ఆయన రాడు."

"నేనొస్తాను. ఎప్పుడుంటాడు?"

"గురువారం," అంది మోరా. "పైన్ కంపెనీవాడితో కూర్చుంటాడు."

గురువారం బ్లెయిర్ శుభ్రమైన బూట్లతో వచ్చాడు. వంటింటి బల్ల మీద కాగితాలు పరిచాడు. మోరా టీ పెట్టింది. ఫిలిప్పా తలుపు తట్టి, పిలవకముందే లోపలికి వచ్చి గోడకు ఆనుకుని నిలబడింది.

"ఈమెనెవరు పిలిచారు?" అన్నాడు డెస్.

"నేనే," అంది మోరా.

బ్లెయిర్ ఇద్దరి వైపూ చూసి గొంతు సవరించుకున్నాడు. "కుక్కల బెడద గురించి విన్నానండీ. పాపం, మీలాంటివాళ్లు ఎంతమందో. పక్కవాళ్ల నిర్వాకానికి తరాల నుంచి ఉన్నవాళ్లు వదిలేసుకుని పోవాల్సి వస్తోంది."

"ఎవరి కుక్కో చెప్పండి ఆయనకి," అంది ఫిలిప్పా.

డెస్ పెన్ను చేతిలోకి తీసుకున్నాడు. సంతకం పెట్టాల్సిన చోటు చూశాడు. మోరా ఆ చేతినే చూస్తూ నిలబడింది.

"నాన్నా, పెట్టే ముందు చెప్పు."

"నా కుక్కే," అన్నాడు డెస్.

"అర్థం కాలేదండి," అన్నాడు బ్లెయిర్.

"నా కుక్క వల్ల వచ్చింది తట్టు. నేను పెట్టిన గుండెకాయ వల్ల. ఇప్పుడర్థమైందా? చెవుడా?"

బ్లెయిర్ నవ్వాడు. "పోనీలెండి. ఎవరి కుక్కయితేనేం? కంపెనీకి కారణంతో పనిలేదు. పైన్ చెట్లకి తట్టు రాదు. ఇక్కడొక సంతకం, కింద ఒకటి."

డెస్ మొహం ఎర్రబడింది. "నీకు పనిలేదేమో. పక్కవాళ్లు వెళ్లగొట్టారంటే తలెత్తుకుని పోయేవాణ్ణి. నా కుక్క పెంట వల్ల నా గొర్రెలు చెడి, నేను కొండ అమ్ముకుని పోతే, ఈ లోయలో ప్రతి వెధవా నన్ను చూసి నవ్వుతాడు. నేను చచ్చాక కూడా నవ్వుతాడు. తీసుకుపో నీ కాగితాలు."

"ఒక్కసారి ఆలోచించండి, డెస్ గారూ..."

"టీ తాగి పో. లేదా తాగకుండా పో."

బ్లెయిర్ తాగకుండానే పోయాడు. బయట కారు కదిలిన చప్పుడు వినబడింది.

"నాకింకా ఏమీ చెప్పలేదు మీరు," అంది ఫిలిప్పా.

"చెప్పానుగా."

"ఆయనకి చెప్పారు. నన్నన్నది హాల్లో. చెప్పాల్సిందీ హాల్లోనే."

"అడుగుతున్నావా, హుకుం వేస్తున్నావా?"

"హుకుమే."

డెస్ సాయం కోసం కూతురి వైపు చూశాడు. మోరా కప్పులు కడుగుతోంది. ఆయన కుర్చీ వెనక్కి తోసి వరండాలోకి పోయాడు.

"నువ్వు కూడా," అంది ఫిలిప్పా. "తుపాకీ అన్నది నువ్వు."

"నేనూ చెప్తాను."

"నాకు మీరు నచ్చరు. మీ ఇద్దరూ."

"తెలుసు," అంది మోరా.

ఫిలిప్పా వెళ్లాక మోరా బయటికి వచ్చింది. డెస్ మెట్టు మీద కూర్చుని టిప్ దవడలు విడదీసి పురుగుల మాత్ర లోపలికి తోస్తున్నాడు. అది ఉమ్మేసింది. మళ్లీ తోశాడు, మళ్లీ ఉమ్మేసింది.

"గుండెకాయ మాన్పిస్తే వీడు నాతో మాట్లాడడు," అన్నాడు.

"మానేయనీ. హాల్లో నువ్వు లేచి నిలబడేదాకా నేనూ మాట్లాడను."

"కొండ ఉంచాను కదే! ఇంకా ఏం కావాలి నీకు?"

మోరా మేకుకు ఉన్న కోత కొట్టం తాళంచెవి తీసి జేబులో వేసుకుని గొర్రెల దగ్గరికి నడిచింది.