లిఫ్టాయన రాసిన యుద్ధం

బయటి జాలీ తలుపు లాగి, లోపలి తలుపూ లాగి, రెండూ సరిగ్గా బిగుసుకున్నాయో లేదో మోచేత్తో నెట్టి చూసి, లిఫ్టాయన నాలుగో అంతస్తు బొత్తాం నొక్కాడు. లోపల ఐదుగురున్నారు. ఐదుగురూ తలెత్తి అంకెలు వెలిగే చోటే చూస్తున్నారు. లిఫ్టు ఎక్కితే చాలు, పక్కవాడి మొహం చూడడానికి మనిషికి ఎక్కడలేని మొహమాటం వస్తుంది. అందుకే, ఇన్నేళ్లుగా ఈ పెట్టెలో పైకీ కిందికీ తిరుగుతున్నా, లిఫ్టాయన ఎలా ఉంటాడో చెప్పమంటే ఆ భవనంలో సగంమంది తెల్లమొహం వేస్తారు. ఖాకీ చొక్కా, నెరిసిన మీసం, మూలన స్టూలు. అంతవరకూ చెప్పగలరు.

ఆయనకు అందులో బాధేమీ లేదు. పైగా సుఖమే. కనిపించని మనిషి ముందు అందరూ మనసు విప్పి మాట్లాడుకుంటారు. ఎవరి కోడలు అలిగి పుట్టింటికి వెళ్లిందో, మూడో అంతస్తు బీమా ఆఫీసులో ఎవరి కాళ్ల కిందికి నీళ్లొచ్చాయో, అన్నీ ఆయన చెవిన పడతాయి. పడినవి అక్కడే ఉండిపోతాయి. నోట్లో నాలుక లేని మనిషని ఆయనకు పేరు.

ఆ నోట్లో నాలుక లేని మనిషే ఐదువందల పేజీల నవల రాశాడని చెబితే వాళ్లు పగలబడి నవ్వి ఉండేవారు. నవల పేరు ‘బూడిద పటాలం’. అట్టమీద మారుపేరు. అసలు మనిషెవరో ఆ భవనంలో తెలిసింది ఒక్కరికే, రెండో అంతస్తులో ఉండే ప్రచురణకర్తకు. బయట తెలిసింది కూడా ఒక్కరికే, ఇంట్లో ఇల్లాలికి.

పొగమంచు ఎన్నటికీ విడవని ఒక దేశం. ఆ దేశపు రాజుకు ఒక సైన్యం. ఆ సైన్యంలో చచ్చిన సిపాయికి కూడా సెలవు దొరకదు. పొద్దున్నే హాజరు పిలిస్తే చచ్చినవాడు కూడా లేచి నిలబడి పలకాల్సిందే. రాజుకు తల లెక్క కావాలి గానీ, ఆ తలకాయలో ప్రాణముందా లేదా అన్నది ఆయనకు అనవసరం. అదీ కథ. లిఫ్టు ఖాళీగా ఉన్నప్పుడల్లా స్టూలు మీద కూర్చుని, బీమా ఆఫీసువాళ్లు పారేసిన కాగితాల వెనకవైపు, ఏళ్లతరబడి రాశాడు.

ఇవాళ నాలుగో అంతస్తులోని పత్రికలో దానిమీద సమీక్ష వచ్చింది. పేపరు ఇంకా ఆయన చేతికి రాలేదు. చేతికి రాకముందే చెవికి వచ్చింది.

బీమా ఆఫీసు అమ్మాయిలు ఇద్దరు ఎక్కారు. ఆ నవల చదివాక రెండు రోజులు అన్నం సయించలేదని ఒకమ్మాయి చెబుతోంది. మరి చదవడమెందుకని రెండో అమ్మాయి అడిగితే, ఆపుదామంటే చెయ్యి రాలేదంది. తరవాత ఎక్కిన రిటైర్డు మాస్టారు, కింద క్లినిక్కుకు వచ్చి, పనిలో పనిగా రెండో అంతస్తుకూ వెళ్లే మనిషి, ఈకాలపు కుర్రకారు మీద తన తోడు వచ్చినాయన దగ్గర విరుచుకుపడ్డాడు. ఒంటిమీద దెబ్బ పడనివాడికే ఇన్ని దెబ్బలు రాయాలనిపిస్తుందట. రాసినవాడికి ఇంకా మీసం కూడా మొలిచి ఉండదట. లిఫ్టాయన మీసం సవరించుకుని, రెండో అంతస్తు వచ్చిందని చెప్పి తలుపు తీశాడు. లోలోపల నవ్వొచ్చింది. పొద్దుటినుంచీ తీపు పెడుతున్న ఎడం చేతిని కాస్త దులుపుకున్నాడు. తలుపులు లాగీ లాగీ ఆ చేతికి అది మామూలే.

మాస్టారు దిగిన చోటే ప్రచురణకర్త పేపరు పట్టుకుని కాచుకుని ఉన్నాడు. ఇంకెవరినీ ఎక్కించుకోకుండా చివరి అంతస్తుదాకా పోనివ్వమన్నాడు. వాళ్లిద్దరూ గుట్టుగా మాట్లాడుకోవడానికి ఆ భవనంలో అంతకంటే మంచి చోటు లేదు.

లిఫ్టు పైకి పోతుంటే ప్రచురణకర్త సమీక్ష చదివాడు. రాసినాయన నాలుగో అంతస్తు విమర్శకుడే. చెవిమీద ఎప్పుడూ పెన్సిలు ఉంటుంది కాబట్టి లిఫ్టాయన మనసులో ఆయనకు పెన్సిలాయనని పేరు పెట్టుకున్నాడు. రోజూ ఎక్కుతాడు, రోజూ దిగుతాడు, తలాడిస్తాడు. చెడ్డవాడేం కాదు. సమీక్ష కూడా చెడ్డగా లేదు. ఇంత నిబ్బరంగా చీకటిని రాసిన నవల ఈమధ్య తాను చూడలేదని మొదలుపెట్టాడు. మెచ్చుకోవలసినచోట మనసారా మెచ్చుకున్నాడు. చివర్లో మాత్రం ఒక మెలిక పెట్టాడు. ఆ పేరా ప్రచురణకర్త రెండుసార్లు చదివాడు.

‘ఒక మోతగాడు, గాయపడిన స్నేహితుణ్ణి వీపున వేసుకుని, అతనితో కబుర్లు చెబుతూ కొండ దిగుతాడు. స్నేహితుడు ఎప్పుడో పోయాడు. ఆ సంగతి మోతగాడికి తెలియదు. చచ్చినవాళ్లు హాజరు పలికితే నమ్మాను. పొగతో చేసిన గుర్రాలను నమ్మాను. దీన్ని నమ్మలేకపోయాను. ఊహకైనా ఒక హద్దుండాలి. ఒంటికి ఒళ్లు తగులుతున్న మనిషి చావును మనిషి పోల్చుకోకపోవడం జరిగే పని కాదు.’

ప్రచురణకర్త పేపరు మడిచాడు. మిగతాచోట్ల రాసినవాళ్లూ ఆ అధ్యాయం దగ్గరే ముక్కు విరిచారని గుర్తుచేశాడు. అది తీసేస్తే మళ్లీ అచ్చు వేస్తాడు. ఉంచితే మాత్రం ఇక చేతులెత్తేసినట్టే, గోడౌనులో మిగిలిన ప్రతులు తూకానికి పోతాయి. సాయంత్రంలోగా ఏదో ఒకటి తేల్చి చెప్పమని భుజం తట్టి దిగిపోయాడు.

లిఫ్టాయన ఖాళీ లిఫ్టులో కిందికి వచ్చాడు. ఆ నవలలో దయ్యాలు కల్పన, రాజు కల్పన, పొగమంచు కల్పన. ఆ ఒక్క అధ్యాయం కల్పన కాదు.

ఆయన చిన్నవయసులోనే సైన్యంలో చేరాడు. తుపాకీ ఇవ్వలేదు, స్ట్రెచరు ఇచ్చారు. దాని రెండో కొన పట్టుకునేవాడిని అందరూ ఈలగాడనేవారు. ఆకలేసినా ఈలే, భయమేసినా ఈలే. కొండమీద దాడి జరిగినప్పుడు ఈలగాడి పొట్టలో దెబ్బ తగిలింది. స్ట్రెచరుకు రెండో మనిషి లేడు. వీపున వేసుకుని బయల్దేరాడు. దారి పొడుగునా మాట్లాడుతూనే ఉన్నాడు. ఇంటికెళ్లాక మీ అమ్మచేత ఏం వండించుకుంటావురా అన్నాడు, ఈసారి జీతంతో చెల్లెలికి ఏం కొంటావురా అన్నాడు. ఈలగాడు పలకకపోతే వాడి బదులు కూడా తనే చెప్పాడు. కింద శిబిరంలో డాక్టరు దింపించి చూసి, ఈ మనిషి పోయి చాలాసేపైందన్నాడు.

తెలియదా? వీపుమీద మనిషి చల్లబడితే వీపుకు తెలియదా? తెలుసుకోవడానికి మనసొప్పలేదు, అంతే. తెలుసుకుంటే దించాలి. దించితే వదిలి రావాలి. అందుకని మాట్లాడుతూ నడిచాడు. విమర్శకుడికి అది జరిగే పని కాదు. ఆయన తప్పేముంది? ఆయన వీపున ఎవరూ లేరు.

ఆ తరవాత పెళ్లయింది, ఈ ఉద్యోగం దొరికింది, తల నెరిసింది. ఈలగాడు మాత్రం దిగలేదు. నిద్రలో వాడితో కబుర్లు చెబుతూ ఉలిక్కిపడి లేచేవాడు. ఇల్లాలు మంచినీళ్లిచ్చి, వీపు రాసి పడుకోబెట్టేది. ఆ అధ్యాయం రాసి ముగించాక ఆ కలవరింత ఆగింది. తెల్లవార్లూ మీరు కదల్లేదు, నేనే భయపడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూశానని ఆమె నవ్వుతూ చెప్పింది. ఇప్పుడు అది తీసేయడమంటే ఈలగాణ్ణి మళ్లీ ఎత్తుకోవడమే. తీయకపోతే అన్నేళ్ల కష్టం కాగితపు సంచులైపోతుంది.

మధ్యాహ్నమంతా ఆయన పైకి పోతూ ఒకటనుకున్నాడు, కిందికి వస్తూ ఇంకొకటనుకున్నాడు. తెచ్చుకున్న అన్నం సగం వదిలేశాడు. రచయితననిపించుకోవాలన్న ఆశ ఆయనకూ ఉంది. లేదంటే అబద్ధం. పుస్తకం మళ్లీ అచ్చయితే ఇల్లాలి చేతిలో పెట్టాలని ఎంత ముచ్చటపడ్డాడో ఆయనకే తెలుసు.

ఆఫీసులు వదిలే వేళకు కాస్త ముందు రెండో అంతస్తులో లిఫ్టు ఆపి, ప్రచురణకర్త గది గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

“ఆ అధ్యాయం ఉంటుందండి. కావాలంటే మిగతాది తీసేయండి” అన్నాడు.

ప్రచురణకర్త కళ్లజోడు తీసి ఆయన్ని ఎగాదిగా చూశాడు. బాగా ఆలోచించుకునే చెబుతున్నారా అని అడిగాడు. ఆలోచించుకున్నానన్నాడు. అయితే ఇక మీ ఇష్టం, నన్ననుకోవద్దని ప్రచురణకర్త నిట్టూర్చాడు. లిఫ్టాయన చేతులు జోడించి, తిరిగొచ్చి, తలుపులు రెండూ లాగి స్టూలు మీద కూర్చున్నాడు. చేతి తీపు గుండెదాకా పాకింది. అయినా చాలాకాలానికి వీపు తేలిగ్గా ఉన్నట్టనిపించింది. గోడకు ఆనుకున్నాడు. కిందనుంచి ఎవరో పిలిచినట్టున్నారు, గంట మోగింది. వస్తున్నా అనుకున్నాడు.

అదే ఆయన ఆఖరి మాట. అది కూడా బయటికి రాలేదు.

తలుపులు మూసి ఉంటే చాలు, పిలిచిన చోటికి లిఫ్టు దానంతటదే పోతుంది. కిందికి వచ్చింది. విమర్శకుడు ఎక్కి, లిఫ్టాయన తల వాల్చి ఉండటం చూసి, పాపం కునుకు పట్టినట్టుందని తనే నాలుగు నొక్కుకున్నాడు. మామూలుగా ఆయన లిఫ్టులో మాట్లాడడు. ఆరోజు ఏదో మనసున పట్టలేదు.

“పెద్దాయనా, ఇవాళ్టి పేపర్లో ఒక పుస్తకం గురించి రాశాను. బాగానే రాశాననుకో. ఒక్క మాట దగ్గర తొందరపడ్డానేమో అనిపిస్తోంది. వింటున్నావా?”

ఉలుకూ పలుకూ లేదు. విమర్శకుడు కుదుపు తగలకుండా తలుపు మెల్లగా లాగి దిగిపోయాడు. ఆ తరవాత బీమా ఆఫీసు అమ్మాయిలు ఎక్కారు, ఆయన నిద్ర చెడుతుందని గొంతు తగ్గించుకున్నారు. మాస్టారు ఎక్కాడు. పనివేళ ఈ నిద్రలేమిటని సణిగి దిగాడు. పని ముగించుకుని కిందికి వస్తూ విమర్శకుడు ఆగిపోయిన మాట మళ్లీ అందుకున్నాడు. ఆ అధ్యాయం మరోసారి చదివానని, రాసినవాడు ఎక్కడున్నాడో కనుక్కుని ఒకసారి మాట్లాడాలనుందని, ఇంకా ఏమిటేమిటో చెప్పాడు. దిగేటప్పుడు ఇంటికెళ్లి పడుకోమని సలహా కూడా ఇచ్చాడు.

మెట్లు ఊడ్చే ఆవిడ లిఫ్టు తుడవడానికి వచ్చి, లేవండన్నా అని భుజంమీద చెయ్యి వేసింది. ఆయన పక్కకు ఒరిగాడు.

ఆమె కేకకు గుమ్మం దాటబోతున్న విమర్శకుడు వెనక్కి వచ్చాడు. క్లినిక్కులోంచి డాక్టరు పరుగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకున్నాడు, కనురెప్పలెత్తి చూశాడు. పోయి గంట దాటిందన్నాడు. ప్రచురణకర్త మెట్లమీదుగా దిగొచ్చి, ఆ మాట విన్నాడు. ఇక దాచి ఏం లాభమనుకున్నాడో ఏమో, విమర్శకుడికి వినబడేలా మెల్లగా అన్నాడు.

“బూడిద పటాలం ఈయనదే.”

విమర్శకుడి చెయ్యి చెవిమీద పెన్సిలు దాకా వెళ్లి అక్కడే ఆగింది. డాక్టరు అడక్కపోయినా డాక్టరుతోనే చెప్పాడు.

“నేను మాట్లాడుతూనే ఉన్నానండీ. పైకీ, కిందికీ.”

నలుగురూ కలిసి లిఫ్టాయన్ని క్లినిక్కులోకి మోసుకెళ్లారు. ఒక చెయ్యి విమర్శకుడు పట్టుకున్నాడు. ఇల్లాలికి కబురెలా చెప్పాలో తెలియక ప్రచురణకర్త ఫోను ముందు నిలబడిపోయాడు. ఊడ్చే ఆవిడ కొంగుతో కళ్లు ఒత్తుకుని, అలవాటు కొద్దీ తలుపులు రెండూ లాగింది. పై అంతస్తులో సంగతి తెలియనివాళ్లెవరో గంట నొక్కారు. లిఫ్టు కదిలింది. మోసేటప్పుడు ఆయన కాలినుంచి జారిన చెప్పొకటి, మడమ దగ్గర అరిగి పల్చబడింది, స్టూలు పక్కన బోర్లా పడి పైకి వెళ్లింది.