ఊరగాయలో నానిన కిరీటం

ఇనాయత్ చొక్కా మీది రక్తం ఎవరిదని అడగడం నాదియా పెళ్ళయిన కొత్తలోనే మానేసింది. రక్తం ఎవరిదైనా సబ్బుకు ఒకటే. చన్నీళ్ళలో ఉప్పేసి నానబెట్టాలి. వేన్నీళ్ళు తగిలాయంటే మరక జన్మలో పోదు. కడపలో బీఎస్సీ కెమిస్ట్రీ చదివినన్నాళ్ళూ ఈ ముక్క ఏ లెక్చరరూ చెప్పలేదు. కాపురం చెప్పింది.

ఇనాయత్ మస్కట్ పక్కన రుసైల్‌లో ఒక గోడౌన్‌కు సూపర్‌వైజర్. మనిషి బీరువా అంత ఉంటాడు. డ్యూటీలో ఎదురు మాట్లాడిన డ్రైవర్ని కొడతాడు, పార్కింగ్‌లో బండి అడ్డం పెట్టినవాణ్ని కొడతాడు, ఎవరూ దొరకని రోజు లిఫ్టు తలుపును కొడతాడు. వాడి కబీర్ అనే పేటలో వాళ్ళున్న బిల్డింగ్ లిఫ్టుకు చొట్టలు చూసి, కొత్తగా దిగినవాళ్ళు ఏదో యాక్సిడెంట్ జరిగిందనుకుంటారు. "ఆడోళ్ళ మీద మాత్రం ఈ చెయ్యి ఎప్పుడూ లెయ్యలేదు," అని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుంటాడు. మిగతా మగవాళ్ళు బీపీ లేదని చెప్పుకున్నట్టు.

ఇంకొక గొప్ప కూడా ఉంది ఆయనకు. అందరి ఇళ్ళలో డిన్నర్ సెట్టు పెట్టుకునే అద్దాల షోకేసులో, ఆకుపచ్చ మఖమల్ మీద, ఆయన జర్మనీ సిపాయిల బెల్టు బకిల్స్ పరిచాడు. ఒకప్పుడు మత్రా సూక్ బజారులో ఖంజర్ బాకు కొనబోయి, దాని పక్కన పడున్న బకిల్ కొనుక్కొచ్చాడు. అప్పట్నుంచి అదే పిచ్చి. నూరేళ్ళ కిందటి ఇత్తడి. మధ్యలో తెల్లలోహం బిళ్ళ, బిళ్ళ మీద కిరీటం, చుట్టూ 'దేవుడు మనతో ఉన్నాడు' అని జర్మన్ అక్షరాలు. ఆ దేవుడు ఆఖరికి ఎవరితో వెళ్ళాడని నాదియా ఒకసారి అడిగితే, "నీకు తెలీదులే," అన్నాడు. అన్నిట్లోకీ ఒక్కదానికే పాత తోలు బెల్టు కూడా ఉంది. అది షోకేసు నడుమ పాములా చుట్టుకుని పడుకుని ఉంటుంది. దాన్ని ఎవరూ ముట్టకూడదు. నాదియాకు బయటి అద్దం తుడిచే పర్మిషన్ మాత్రం ఉంది.

ఆ శుక్రవారం జుమ్మా నమాజూ భోజనమూ అయ్యాక బయటికెళ్ళి, రక్తం చొక్కాతో తిరిగొచ్చిన ఇనాయత్ నేరుగా షోకేసు తెరిచి, ఆ తోలు బెల్టు బయటికి తీసి, కొసను చేతికి చుట్టుకున్నాడు. బకిల్ గాల్లో వేలాడింది.

నాదియా చేతిలోని గుడ్డ పక్కన పెట్టింది.

"ఈ రక్తం ఎవరిది?" అంది, ఇన్నేళ్ళకు మళ్ళీ.

"ఖాదర్‌వలిది. రెండు పండ్లు మింగినాక నోరు తెరిచినాడు నా కొడుకు," అన్నాడు ఇనాయత్. "వాడు నాకమ్మిన దొంగ బకిల్ అమెరాత్‌లో మొబైల్ షాపోడు ఇచ్చినాడంట. జీషాన్ అంట పేరు. మీ జీషానేనా?"

జీషాన్ నాదియా తమ్ముడు. అమెరాత్‌లో మొబైళ్ళ షాపు చూసుకుంటూ, అక్కడే వెనక రూమ్‌లో ఉంటాడు. ఊదితే ఎగిరిపోయే పిల్లోడు. ఈ చేతి కింద ఐదు నిమిషాలు కూడా ఆగడు. వాడు చస్తాడు, ఈయన జైలుకు పోతాడు. ఇదంతా ఆమెకు ఒక్కసారిగా కళ్ళ ముందు కనబడింది.

కానీ ఆ దొంగ మాలు తయారుచేసింది జీషాన్ కాదు. నాదియా.

మొదట్లో అది ఆటే. ఇండియా నుంచి ఎవడో తెప్పించిన కొత్త ఇత్తడి బకిల్స్ జీషాన్ తెచ్చి చూపించాడు. సినిమా వాళ్ళ కోసం చేసినవి, తళతళా మెరుస్తున్నాయి. "ఆపా, ఇవి పాతగుంటే దుల్హాభాయ్ లాంటి పిచ్చోళ్ళు ఎగబడి కొంటారు," అన్నాడు బావను తలుచుకుని. నాదియా నవ్వి ఊరుకోలేదు. ఊరగాయ జాడీ అడుగున మిగిలిన నిమ్మకాయ ముక్కల ఉప్పు పులుసులో ఒక బకిల్‌ను ముంచి మూత పెట్టింది. కొన్నాళ్ళకు తీసి, కడిగి, బాల్కనీలో బట్టల తీగకు కట్టింది. మస్కట్ ఉక్కపోత మిగతా పని చేసింది. కిరీటం సందుల్లో పచ్చటి చిలుము పూసింది. బిళ్ళ నల్లబడింది. నిన్న పుట్టిన ఇత్తడి నూరేళ్ళ ముసలిదైపోయింది. డిగ్రీ పట్టాకు పెళ్ళిసంబంధాల కాగితంలో తప్ప ఇంకో ఉపయోగం ఉందని ఆ రోజే తెలిసింది ఆమెకు. ఆ రాత్రి వంటింట్లో ఒక్కతే నవ్వుకుంది. తర్వాత ఇంకొకటి చేసింది. ఆపైన ఆపలేదు.

షరతు ఒక్కటే పెట్టింది. ఇనాయత్‌కు అమ్మకూడదు. జీషాన్ అమ్మలేదు. జీషాన్ పాత సామాన్లు అమ్మే ఖాదర్‌వలికిచ్చాడు, ఖాదర్‌వలి రుసైల్‌లో బకిళ్ళ పిచ్చోడెవడని వెతికితే ఇనాయత్ ఒక్కడే దొరికాడు. అలా తను జాడీలోంచి తీసిన కిరీటం పూలరుమాల్లో చుట్టుకుని మళ్ళీ తన ఇంటికే వచ్చి మఖమల్ ఎక్కింది. హాలు ఇవతల నిలబడ్డా ఆమెకు ఇప్పుడు ఆయన జేబులోంచి దాని మెంతివాసన కొడుతోంది. సబ్బుతో ఎంత కడిగినా వెనక కొక్కెం సందులో ఉండిపోయింది. ఇనాయత్‌కు మాత్రం తెలియలేదు. ఇల్లంతా ఎప్పుడూ అదే వాసన కదా, అందులో కొత్తగా ఏం తెలుస్తుంది?

ఇవాళ భోజనానికొచ్చిన తారిఖ్ భాయ్ దాని గుట్టు బయటపెట్టాడు. తారిఖ్ భాయ్ హైదరాబాదీ, బకిళ్ళ విషయంలో ఇనాయత్‌కు గురువు. చిలుము మీద గోరుతో గీశాడు. పచ్చటి పొడి రాలింది. "నూరేండ్ల చిలుము గోటికి రాదు మియా. నిన్ను ఉల్లూ బనాయించిండ్రు," అని చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయాడు. ఇనాయత్ ఆ బకిల్‌ను చొక్కా జేబులో వేసుకుని, ఖాదర్‌వలి ఇంటికి వెళ్ళాడు.

"యాడికి?" అంది నాదియా, తెలిసే.

"అమెరాత్‌కు."

"నేనూ వస్తా."

"ఎందుకు? చూసేకా?"

"వాడు నా తమ్ముడు."

"ఇంకో అరగంట ఆగితే ఆ మాట చెప్పే పనుండదులే," అని మెట్లు దిగాడు.

ఆమె చెప్పుల్లేకుండానే పరిగెత్తి కారెక్కింది. కొండల మధ్య రోడ్డు ఎండకు కాలుతోంది. ఇనాయత్ ఒక చేత్తో స్టీరింగ్ పట్టుకుని, ఒళ్ళోని బెల్టు బకిల్‌ను బొటనవేలితో రుద్దుతూ, "సంపుతా. నా ఇంటి అన్నం తిని నాకే టోపీ పెడతాడా? సంపుతా," అని తస్బీ పూసలు తిప్పినట్టు అదే మాట అంటున్నాడు. "అజీ, ఒక్క మాట వినండి," అందామె. ఆయన రేడియో పెట్టాడు.

షాపు షట్టర్ సగం దించి ఉంది. లోపల జీషాన్ ఎవరిదో ఫోనుకు గ్లాసు అతికిస్తున్నాడు.

"రాండి దుల్హాభాయ్, చాయ్ చెప్పేదా?" అంటూ తలెత్తి, బెల్టు చూసి, ఆ తర్వాత అక్క కాళ్ళకు చెప్పులు లేకపోవడం చూశాడు. వాడికి అర్థమైపోయింది.

మొదటి దెబ్బ భుజం మీద పడింది. లేత బెండకాయ విరిచినట్టు టప్‌మని చప్పుడైంది. అది జీషాన్ మెడ కింది ఎముక. రెండో దెబ్బకు చెవి సగం చీలి కిందికి వేలాడింది. వాడు కౌంటర్ మీద పడ్డాడు, కౌంటర్ అద్దం వాడి కింద పడింది. గాజుముక్కల్లోంచి లేవబోతే ఇనాయత్ బూటుకాలు కడుపులో దిగింది.

"ఎవురు నేర్పిచ్చినార్రా నీకు? చెప్పు! ఎవురు చేసిచ్చినారు?"

జీషాన్ నోటినిండా రక్తం. అక్క వైపు చూశాడు. చెప్పలేదు. "నేనే," అన్నాడు. "నేనే చేసినా దుల్హాభాయ్."

బకిల్ మళ్ళీ లేచింది. ఈసారి నుదురు చీలింది. నాదియా వెళ్ళి ఆ చేతిని పట్టుకుని వేలాడింది. ఇనాయత్ విదిలిస్తే వెళ్ళి ఫోన్ కవర్ల స్టాండు మీద పడింది. రంగురంగుల కవర్లు ఆమె నెత్తిన కురిశాయి. పక్క షాపు బంగ్లాదేశీ మంగలి షట్టర్ కింద నుంచి తొంగి చూశాడు. మర్యాదస్తుడు, ఇంటి గొడవ వీధిన పడకూడదని షట్టర్ పూర్తిగా దించేసి వెళ్ళాడు.

"వాడు కాదు!" అని అరిచింది నాదియా. "అవి నేను చేసినా!"

ఇనాయత్ ఆగి, ఆమెను చూసి, నిజంగానే నవ్వాడు. "నువ్వా? పులుసులో ఉప్పు సరిపోయిందా అని నన్నడుగుతావు. నువ్వు జర్మనీ మాలు చేస్తావా? పక్కకు పో." మళ్ళీ జీషాన్ వైపు తిరిగాడు. జీషాన్ ఇప్పుడు అరవడం లేదు. కాళ్ళు మాత్రం గాజు మీద కొట్టుకుంటున్నాయి.

నమ్మి ఉంటే చంపేవాడేమో. నమ్మకపోవడం ఆమెకు అంతకంటే ఎక్కువ మండించింది. లేచి, ఆయన చొక్కా జేబులో చెయ్యి పెట్టి, ఆ దొంగ బకిల్ లాగి, వెనక కొక్కెం ఆయన ముక్కుకు ఆనించింది.

"వాసన చూడు!"

ఇనాయత్ పీల్చాడు. ఇక్కడ వాడి కబీర్ ఇల్లు లేదు, వంటిల్లు లేదు. కొత్త ప్లాస్టిక్ వాసన మధ్యలో అది ఒక్కటే ఘాటుగా తగిలింది. మెంతులు, ఇంగువ, ఎండలో మగ్గిన నిమ్మకాయ. రోజూ రెండు పూటలా ఆయన ప్లేటులో ఓ పక్కన ఉండే వాసన. బెల్టు పట్టుకున్న చెయ్యి కిందికి దిగింది. మొహంలో కోపం పోయి, అంతకంటే చెడ్డదేదో వచ్చింది.

"నా ఇంట్లోనే," అన్నాడు మెల్లగా. "నేను తినే జాడీలోనే."

"ఊఁ. జాడీ మీరు కొన్నదే."

ఆ మాట అనకుండా ఉండాల్సిందని అంటూండగానే తెలిసింది ఆమెకు. అప్పటికే ఆడవాళ్ళ మీద ఎప్పుడూ లేవని చెయ్యి పైకి లేచింది. బెల్టు ఫ్యాను రెక్కల దాకా వెళ్ళి దిగింది. ఆమె మోచేతులు అడ్డం పెట్టుకుంది.

దెబ్బ పడలేదు. తోలు పడింది, చెంప మీద, తడి గుడ్డలా. బకిల్ కుట్లు తెంచుకుని గోడకు కొట్టుకుని ఆమె కాళ్ళ దగ్గర దొర్లింది. ఇనాయత్ చేతిలో తోలు ముక్క మిగిలింది. దొంగ బెల్టయితే కొత్త తోలు, తెగేది కాదు. ఇది అసలుది. నూరేళ్ళ తోలు ఇన్ని దెబ్బలు ఎక్కడ ఓర్చుకుంటుంది?

ఆయన ఆ ముక్కను చూసి, "నా బెల్టు!" అన్నాడు. చిన్నపిల్లాడి గొంతు. కింద జీషాన్ రక్తంలో పొర్లుతుంటే, ఆయన కళ్ళు గాజుముక్కల్లో బకిల్ కోసం వెతుకుతున్నాయి. అప్పటికే దొంగదాన్ని పారేసి, వంగి దాన్ని అందుకున్న నాదియా చేతిలో అది కనబడింది. ఒక్క అంగలో వచ్చి రెండు చేతులతో ఆమె గొంతు పట్టుకున్నాడు.

పట్టు బిగిసింది. ఆమె మడమలు నేల వదిలాయి. చూపు అంచుల్లో నల్లబడుతుంటే, బకిల్‌ను అరచేతిలో వెల్లకిలా సర్దుకుంది. కిరీటం బయటికి. రోజూ జొన్నరొట్టె తట్టే చెయ్యి అది. రొట్టె ఎంత పెద్దదైనా మధ్యలో చిరగకుండా తట్టగలదు. పూర్తి బలంతో ఆయన ఎడమ చెంప మీద ఒక్కటి తట్టింది.

చేతులు వదులయ్యాయి. రెండోది దవడకు. అది అంచుతో వేసింది. ఒక పన్ను గాల్లోకెగిరి ఎవరిదో ఫోను మీద పడింది. ఇనాయత్ మోకాళ్ళ మీద కూలబడి, కవర్ల కుప్పలో మొహం పెట్టి ఆగిపోయాడు. ఆమె ఇంకొకటి వెయ్యడానికి చెయ్యెత్తి, వంగి, ఊపిరుందని చూసి, దించేసింది. తర్వాత చున్నీ చింపి తమ్ముడి చెవికి అదిమి పట్టింది.

"ఆపా," అన్నాడు జీషాన్, ఒక కన్ను తెరిచి. "చంపినావా?"

"లేదు. నోరు మూసుకో, రక్తం పోతాంది."

ఆస్పత్రిలో అడిగినవాళ్ళకు జీషాన్ నిచ్చెన మీంచి పడ్డానన్నాడు. గల్ఫ్‌లో మనవాళ్ళ ఎముకలన్నీ నిచ్చెన మీంచి పడే విరుగుతాయి. ఇనాయత్ కారు డిక్కీ తగిలిందన్నాడు. నిజం చెప్తే ముగ్గురి వీసాలూ ఒకే విమానమెక్కుతాయని ముగ్గురికీ తెలుసు.

మరుసటి శుక్రవారం తారిఖ్ భాయ్ పరామర్శకొచ్చాడు. హాల్లో నేల మీద భోజనాల గుడ్డ, దస్తర్‌ఖాన్, పరిచి ఉంది. ఒక మూల జీషాన్, చెయ్యి మెడకు కట్టుకుని, చెవికి కట్టుతో కూర్చున్నాడు. ఎముక అతుక్కునేదాకా ఇక్కడే ఉంటాడని నాదియా చెప్పింది. ఇనాయత్ సరేనన్నాడు. ఈ మధ్య చాలావాటికి సరేనంటున్నాడు.

"అరే, మొహానికేమైంది మియా?"

"డిక్కీ తగిలింది."

తారిఖ్ భాయ్ దగ్గరికి జరిగాడు. ఇనాయత్ ఎడమ చెంప మీద ఊదారంగులో కమిలిన మచ్చ ఇంకా పోలేదు. భూతద్దం లేకుండా ఎక్కడికీ వెళ్ళని మనిషి, జేబులోంచి తీసి ఆ చెంప మీద పెట్టి చాలాసేపు చూశాడు. గుండ్రటి బిళ్ళ, నడుమ కిరీటం, చుట్టూ అద్దంలో చూసినట్టు తిరగబడ్డ అక్షరాలు. ఇనాయత్ కదలకుండా కూర్చున్నాడు.

"కిరీటం మీది సిలువ గూడ పడ్డది సూడు," అన్నాడు తారిఖ్ భాయ్ ఆరాధనగా. "అక్షరం అంచులెంత సాఫ్‌గున్నయ్! దొంగ మాలుకు ఇంత అచ్చు పడదు. ఇది అసల్ పీస్ భాయ్, కసమ్ సే." భూతద్దం దించాడు. "ఏడుంది? జర సూపెట్టు."

షోకేసులో మఖమల్ నడుమ పాము చుట్టలా ఒక గుంట మాత్రం ఉంది. ఇనాయత్ వంటింటి వైపు చూశాడు. అక్కడ నాదియా దేనితోనో వెల్లుల్లి చితక్కొడుతోంది.

"అది మా ఇంటామె దగ్గరుంటాది," అన్నాడు.

చప్పుడు ఆగింది. నాదియా చేతులు తుడుచుకుంటూ జాడీ పట్టుకొచ్చింది. "ఊరగాయ వెయ్యమంటారా భాయ్?"

"తప్పకుండ భాబీ. మీ నిమ్మకాయ కోసమే గదా వచ్చేది."

ఆయనకు వేసింది. జీషాన్‌కు వేసింది. ఇనాయత్ దగ్గరికొచ్చేసరికి, ఆయన రెండు చేతులూ తన ప్లేటు మీద కప్పుకున్నాడు.