పెట్టని సంతకం

సబ్బుల ఫ్యాక్టరీలో నా భార్య ఇరవయ్యారేళ్లు సబ్బులకు కాగితం చుట్టింది. రిటైరయ్యే నెలలో ఆమెకే ఒక కాగితం వచ్చింది. కొత్త చట్టమట. రిటైర్మెంటు డబ్బు మరో ఐదేళ్లు ప్రభుత్వం దగ్గరే ఉంటుంది, వడ్డీ పెంచి ఇస్తారు.

"కింద ఇంకో ముక్క ఉందండీ. వద్దనుకునేవాళ్లు నెలలోపు భార్యాభర్తలిద్దరూ సంతకం చేసి పంపాలంట. పంపేద్దాం. నా గుండె ఆపరేషన్‌కి ఉన్నది ఆ డబ్బేగా."

"సర్కారు కాగితం మీద సంతకం పెడితే జుట్టు వాళ్ల చేతికిచ్చినట్టే. పెట్టకపోతే ఎవడేం చేస్తాడు? నోర్మూసుకో."

నోరు మూసుకుంది. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, ఊగే కుర్చీ కాలి కింద దోపాను. కుర్చీ కుదురుకుంది.

ఆసుపత్రిలో ఆపరేషన్‌కు రోజు ఇచ్చాక ఇద్దరం ఆ డబ్బిచ్చే ఆఫీసుకు వెళ్లాం.

"వద్దని మీరు రాసివ్వలేదు కదా బాబాయ్," అన్నాడు గుమాస్తా. "మౌనం అర్ధాంగీకారం."

"అర్ధమైతే సగమన్నా ఇవ్వు."

"మా దగ్గర మౌనం పూర్తి అంగీకారమే బాబాయ్."

బల్ల మీద కూర్చున్న నా భార్య నవ్వింది. నవ్వితే ఆయాసం వచ్చి ఆపేసింది. దారిలో నన్ను ఒక్క మాట అనలేదు. అది కూడా అంగీకారమేనని అనుకున్నాను.

బావమరిది మాత్రం ఇంటికొచ్చి అన్నాడు. "సంతకం పెడితే అరిగిపోతావా బావా? పెళ్లినాడు మా అక్క పక్కన బాగానే గీకావుగా!"

గడప దిగమన్నాను. దిగాడు.

మూడో నెలలో ఆ పెంచిన వడ్డీ కూడా కోశారు. దేశం ఇబ్బందుల్లో ఉందట. ఎనిమిదో నెలలో ఆమె తడిబట్టల బకెట్టుతో మేడ మెట్లెక్కుతూ రెండో మెట్టు మీద కూలబడింది. బకెట్టు నిలబడే ఉంది.

పదిహేను రోజుల తర్వాత మరణ పత్రం పట్టుకుని వెళ్లాను. అదే గుమాస్తా. లేచి కుర్చీ వేశాడు.

"పోయినవాళ్లకి ఐదేళ్ల షరతు లేదు బాబాయ్. వారంలో మొత్తం పడిపోద్ది. ఇక్కడ పెట్టండి."

ఈసారి చివరి అక్షరం దాకా చదివాను. అర్థం కాని మాట ఒక్కటీ లేదు. సంతకం పెట్టాను.

"నామినీ కాగితం మీద మీరు పెట్టిన పాతదానితో కలవట్లేదు బాబాయ్. ఇంకోసారి పెట్టండి."

ఇంకోసారి పెట్టాను.