వెండి బిళ్ల గిరక

ఎల్లస్వామి రాట్నాన్ని ఒక్క తోపు తోసి వదిలాడు. గిర్రున తిరిగి, నెమ్మదించి, ఆగింది. ఆగినప్పుడు కిందికి వచ్చిన చక్రపు ఆకు మీద సుద్దముక్కతో గీత పెట్టాడు. మళ్ళీ తోశాడు. మళ్ళీ ఆ గీతే కిందికొచ్చి ఆగింది.

"బరువున్నది," అన్నాడు.

"ఏడున్నదే?" అన్నాడు రాట్నం తెచ్చిన యాకయ్య.

ఎల్లస్వామి గీత వైపు వేలు చూపించాడు. డబ్బీలోంచి నల్లమైనం గిల్లి, ఉండ చేసి, గీతకు సరిగ్గా ఎదురుగా ఉన్న ఆకుకు బొటనవేలితో అదిమాడు. మళ్ళీ తోశాడు. ఈసారి గీత పక్కకు ఆగింది. ఇంకోసారి తోస్తే పైన ఆగింది.

"ఒక్క తాననే ఆగేది రాట్నం కాదు యాకయ్యా. యాడ ఆగుతదో దానికే తెల్వొద్దు."

కొత్తవాడలో జంపఖానాలు నేసేవాళ్ల పేర్లు నలుగురికీ తెలుసు. వాళ్ల రాట్నాలు బాగుచేసే ఎల్లస్వామి పేరు మాత్రం నూలు తెగినప్పుడే గుర్తొచ్చేది. యాభై ఎనిమిదేళ్ల మనిషి. సన్నటి ఒళ్లు, ఎడమ భుజం కాస్త కిందికి, కనుబొమల్లో ఎప్పుడూ దూదిపీచు. నూనె, మైనం ఇంకిపోయిన కుడి బొటనవేలు మిగతా వేళ్లకంటే నల్లగా ఉండేది. చదువు రాదు. సొసైటీ కాగితాల మీద ఆ వేలి ముద్రే వేసేవాడు. ఈ మధ్య నాలుగు మెట్లెక్కితే ఆయాసం వస్తోంది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే దవాఖానకు పొమ్మంటారని భయం.

ఆ పూట పని ముగించి సైకిలెక్కి హనుమకొండ బయలుదేరాడు. రాజేశ్వర్ రావు రమ్మని కబురు పంపాడు.

రాజేశ్వర్ రావు కాజీపేట రైల్వేలో పెద్ద ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. ఆయనకున్న పిచ్చి ఒక్కటే, చేపలు పట్టడం. ఇరవై ఏళ్ల కింద ఆయన గాలంకర్ర గిరక బిగుసుకుపోతే గడియారాలవాళ్లు చేతులెత్తేశారు. ఎవరో ఎల్లస్వామి పేరు చెప్పారు. ఎల్లస్వామి దాన్ని విప్పి చూసి నవ్వాడు. మధ్యలో ఒకే ఒక ఉక్కు కదురు, దాని మీద చక్రం. పళ్లు లేవు, బ్రేకు లేదు. "ఇది రాట్నమే గద సార్," అన్నాడు. ఆనాటి నుంచి ఆ గిరకకు నూనె పోసేది అతనే. ఆదివారాలు వడ్డేపల్లి చెరువుగట్టున సార్ గిరకతో కూర్చుంటే, పది బారల దూరంలో ఎల్లస్వామి ఖాళీ కండెకు దారం చుట్టుకుని కూర్చునేవాడు. తన చేప కంటే సార్ గిరక తిరిగే చప్పుడు మీదే అతని ధ్యాస.

పోయిన దసరాకు రాజేశ్వర్ రావుకు పక్షవాతం వచ్చింది. మనిషి లేచి తిరుగుతున్నాడు గానీ కుడిచెయ్యి వణుకుతోంది.

వరండాలో బల్ల మీద పేపరు పరిచి, దాని మీద రెండు గిరకలు పెట్టి ఉన్నాయి. రెండూ ఇంగ్లండువే, రెండూ ఖరీదైనవే. ఒకటి పాతది. దేశం విడిచిపోతూ రైల్వే దొర ఒకాయన ఇచ్చి వెళ్లింది. మెరుపు పోయి బూడిదరంగుకు వచ్చింది, పిడి అంచు పెచ్చు లేచింది. రెండోది రిటైరైన రోజు తోటి ఉద్యోగులు తెప్పించి ఇచ్చింది. అద్దంలా మెరుస్తోంది. చక్రం మీద ఓ పక్కకు వెండి బిళ్ల, దాని మీద ఇంగ్లీషులో రాజేశ్వర్ రావు పేరు. అంత మంచిదాన్ని నీళ్లలో పాడుచేయడం ఎందుకని ఎనిమిదేళ్లుగా బీరువాలో దాచుకున్నాడాయన.

"రెండు నాకెందుకిగ ఎల్లస్వామీ? ఒకటి నీది. ఏది కావాల్నో నువ్వే తీస్కో."

ఎల్లస్వామి పాతదాని మీంచి చూపు తిప్పుకోలేకపోయాడు. ఇరవై ఏళ్లుగా ఎవరికీ చెప్పని కోరిక అది.

చాయ్ తెచ్చిన ఆయన భార్య విజయలక్ష్మి నవ్వింది. "ఇంకేది తీస్కుంటడు? ఆ పాతదాన్నే గద కన్నార్పకుంట చూసేది."

"నాకు ఎర్కనే," అన్నాడు రాజేశ్వర్ రావు. "కొత్తది నేను తీస్త. ఐతారం చెరువుకు పోత. డాక్టర్ సుత పొమ్మన్నడు."

ఎల్లస్వామి కొత్త గిరక వైపు తిరిగాడు. కొత్తదానికి మొదటిసారి నూనె పోసిన రోజే అతను చూశాడు. ఎన్నిసార్లు తిప్పినా బిళ్ల కిందికొచ్చే ఆగింది. అచ్చమైన చక్రమే, ఆ వెండి బిళ్ల అతికించి చెడగొట్టారు. బీరువాలో ఉన్నన్నాళ్లు ఫికర్ లేదు. ఇప్పుడు చేప లాగితే చుట్టుచుట్టుకీ కుదుపు వస్తుంది. బ్రేకు లేని చక్రాన్ని ఆపేది వేలొక్కటే, ఆ వేలు వణుకుతోంది. దారం చిక్కుపడుతుంది, లేదా తెగుతుంది. తన చేతులు పోయాయని సార్ అనుకుంటాడు. ఇంక చెరువు ముఖం చూడడు.

చెప్పెయ్యాలనే అనుకున్నాడు. కానీ బిళ్ల వైపు చూశాడు. నిన్ననే తుడిచినట్టున్నారు, ఒక్క మరక లేదు. బాగుచేస్తానన్నా ఏం చెడిందో చెప్పాల్సిందే.

పాతదాన్ని చేతిలోకి తీసుకున్నాడు. చెవి దగ్గర పెట్టుకుని ఒకసారి తిప్పాడు. తుమ్మెద రొదలాంటి ఆ సన్నటి చప్పుడు పూర్తిగా ఆగిపోయేదాకా విన్నాడు. తర్వాత దాన్ని పేపరు మీద పెట్టేశాడు.

"గిది తీస్కుంట సార్," అని కొత్తదాని మీద చెయ్యి వేశాడు.

విజయలక్ష్మి ముఖంలో నవ్వు పోయింది. "బిళ్ల మీద సార్ పేరున్నది ఎల్లస్వామీ."

"చూసిన్నమ్మా."

"తీస్కో," అన్నాడు రాజేశ్వర్ రావు. "ఇస్తనన్న, ఇచ్చిన."

ఎల్లస్వామి చాయ్ మొత్తం తాగి, గ్లాసు కడిగి బోర్లించాడు. ఎప్పుడూ గేటు దాకా వచ్చే సార్ ఆ రోజు కుర్చీలోంచి లేవలేదు. సైకిలు తీస్తుంటే వెనక నుంచి విజయలక్ష్మి మాట వినబడింది. "వెండి కనవడంగనే మనిషి మారిండు." సార్ కాదనలేదు. అరికాలి నుంచి నెత్తి దాకా మండింది ఎల్లస్వామికి. వెనక్కి వెళ్లి చెబుదామా అనుకుంటూనే చౌరస్తా దాటాడు.

ఇంట్లో సమ్మమ్మ సంగతంతా విని మొగుడి మీద లేచింది.

"జెప్తే అయిపోవు గదనయ్యా! ఇరవై ఏండ్ల మంచితనం గంగల కలుపుకొస్తివి."

"నలుగురు కూడి పేరు గొట్టిచ్చిన బిళ్లనే. గదే ఖరాబు జేసిందని ఏ నోటితోని జెప్పాలె? తియ్యుమంటే ఆయన పానం పోదా?"

"మరి నీ పానం?"

అతను మైనం డబ్బీ వెతుక్కుంటున్నాడు.

ఆదివారం చెరువుకు పిలుపు రాలేదు. సార్ చెరువుకు పోతూ పిలవకపోవడం ఇరవై ఏళ్లలో అదే మొదలు. ఎల్లస్వామి ఇంటి ముందు కూర్చుని ఏ పనీ లేకుండా రాట్నాలు తిప్పాడు. సోమవారం పొద్దున యాకయ్య వచ్చాడు.

"మీ సార్ నిన్న ఇంతగనం రవ్వచేపను పట్టిండట. గట్టు మీద జనం గుంపైండ్రట."

"దారం తెగలేదా?"

"లేదట."

"చెయ్యి జారలేదా?"

"జారితే చేప ఎట్లొస్తదే?"

ఎల్లస్వామి చాలాసేపు తనలో తాను నవ్వుకున్నాడు. మధ్యాహ్నం జొన్నరొట్టె తిని, జర నడుం వాలుస్తానని గోడవారన పడుకున్నాడు. పొద్దు వాలాక సమ్మమ్మ లేపబోతే లేవలేదు.

ఎల్లస్వామి దినాలు అయ్యాక సమ్మమ్మ దస్తీగుడ్డలో మూట కట్టుకుని హనుమకొండ వెళ్లింది. రాజేశ్వర్ రావు మూట విప్పి గిరకను గుర్తుపట్టాడు.

"ఇచ్చింది మళ్ల తెచ్చినవేందమ్మా?"

"ఆయన ఒక్కనాడు సుత వాడలేదు సార్. ఇది మీ చేతికి ఆగదని, మీరు దీంతోని చెరువుకు పోకుండ తీస్కున్నడు. బిళ్ల దిక్కు బరువట. ఇప్పుడు సమం జేసిండు. మీరు వాడుకోవచ్చట."

విజయలక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రాజేశ్వర్ రావుకు సిగ్గుతో తల వాలిపోయింది. ఆ రోజు భార్య మాటను ఖండించకుండా కూర్చున్న కుర్చీలోనే ఇప్పుడూ కూర్చున్నాడు. ఏం చెయ్యాలో తోచక గిరకను వేలితో తిప్పాడు. ఆగింది, బిళ్ల పక్కకు. మళ్ళీ తిప్పాడు. బిళ్ల పైకి వచ్చి ఆగింది.

"అటు దిక్కు చూడుండ్రి," అంది సమ్మమ్మ.

ఆయన గిరకను వెలుతురుకు పట్టుకుని తిప్పి చూశాడు. ముట్టుకుంటే చెరిగిపోతుందేమోనని వణికే వేలిని వెనక్కి తీసుకున్నాడు. ఓ పక్క వెండి బిళ్ల మీద రాజేశ్వర్ రావు పేరు, సరిగ్గా దానికి ఎదురుగా, శనగగింజంత నల్లమైనం మీద ఎల్లస్వామి బొటనవేలి గీతలు.