వాడలో ఒక్కటే సమ్మెట

శుక్రవారం ఉదయం ఇస్‌హాక్ తన ఇంటిని తానే పడగొట్టడం మొదలుపెట్టాడు.

ఆయన టైల్స్ పరిచే మేస్త్రి. అందుకని నేల దగ్గర మొదలుపెట్టాడు. ఉలి దూర్చి, అంచున తట్టి, ఒక్కో పలకనూ విరగకుండా లేపాడు. కూతురు మైసూన్ వాటిని మోసుకెళ్లి వీధిలో పేర్చింది.

"పగలగొట్టెయ్ నాన్నా. ఎందుకింత జాగ్రత్త?"

"మంచి పలకలు. పనికొస్తాయి."

"ఎక్కడ పరుస్తావ్?"

ఆయన తర్వాతి పలక కింద ఉలి దూర్చాడు.

అనుమతి లేని ఇల్లని మునిసిపాలిటీ నోటీసు ఇచ్చింది. ఖుద్స్, అంటే జెరూసలేం, కొండవాలులోని ఆ వాడలో అడిగినవాళ్లకీ అనుమతి రాలేదు, అడగనివాళ్లకీ రాలేదు. బుల్‌డోజర్ వస్తే దాని బాడుగ, వెంట వచ్చే పోలీసుల ఖర్చు ఇంటివాడి నెత్తినే వేస్తారు. అందుకని ఇంటివాళ్లే కూల్చుకుంటారు. అంతా అయ్యాక ఒక ఉద్యోగి వచ్చి ఫోటో తీసుకుని పోతాడు.

కిటికీలన్నీ మూసి ఉన్నాయి. అది ఆ వాడ మర్యాద. తన ఇంటిని తాను కూల్చుకునే మనిషిని ఎవరూ చూడరు. సాయంత్రం గిన్నెడు పప్పు చారో, రొట్టెలో బయట పెట్టి వెళ్లిపోతారు.

పెద్ద సమ్మెట వాడ మొత్తానికి ఇస్‌హాక్ దగ్గరే ఉంది. నోటీసు వచ్చినవాడు వచ్చి తలుపు తట్టేవాడు. "బాబాయ్, సమ్మెట ఖాళీగా ఉందా?" ఎందుకని ఆయన అడిగేవాడు కాదు. తిరిగి ఇచ్చేటప్పుడు కడిగి ఇచ్చేవాళ్లు.

గోడల దగ్గరికి వచ్చేసరికి మైసూన్ కూడా సమ్మెట పట్టింది. చేతులు మోచేతుల దాకా తిమ్మిరెక్కాయి. ఏడుపు వస్తుందేమో అనుకుంది. రాలేదు. తను పుట్టిన గది గోడ పడింది. దుమ్ము తగ్గాక పక్క గోడ మొదలుపెట్టారు.

మైసూన్ పెద్దమ్మ కొడుకు జవాద్ వచ్చాడు. అతను మంగలి. అతని దుకాణం వెనక గదిలో గోడలకు దుప్పట్లు కొట్టి ఇద్దరూ ర్యాప్ పాటలు చేస్తారు. బీట్ అతనిది, మాటలు ఆమెవి. అతను ఫోన్ తీసి ఇటుకల మీద పెట్టాడు.

"ఏంటది?"

"రికార్డ్ చేస్తున్నా."

"మా నాన్ననా?"

"సమ్మెటని."

"సిగ్గు లేదురా నీకు?"

"ఉంది. అందుకే మొహం తియ్యట్లేదు, చప్పుడే తీస్తున్నా. కొట్టు. కాస్త సమంగా కొట్టు, నీ తాళం ఎప్పుడూ పరిగెత్తుద్ది."

కోపం రావలసిన మాట. అదీ రాలేదు. ఆమె కొట్టింది.

సాయంత్రానికి ఉద్యోగి వచ్చి ఫోటో తీసుకున్నాడు.

మర్నాడు వాడ చివర నిరసన డేరాలో సమావేశం జరిగింది. ఈసారి నోటీసు ఉమ్ ఘైస్‌కు వచ్చింది. ఆమె వితంతువు, బట్టలు ఇస్త్రీ చేస్తుంది. పెద్దకొడుకు ఘైస్ పక్కనే తల వంచుకుని కూర్చున్నాడు.

"ఏముంది మాట్లాడటానికి," అన్నాడు కిరాణా కొట్టు అబూ నజీ. "రేపు కూల్చుకోండి. కనీసం బిల్లు తప్పుద్ది."

లువయ్ అనే విద్యార్థి లేచాడు. "అంతర్జాతీయ చట్టం ప్రకారం..."

"ఆ చట్టం ఏ వీధిలో ఉంటుంది బాబూ?" అందొక ఆడమనిషి. "దారి చెప్పు, వెళ్లి తలుపు కొడతాం."

కొందరు నవ్వారు. లువయ్ కూర్చున్నాడు. ఘైస్ తలెత్తి, డేరా అంచున నిలబడ్డ ఇస్‌హాక్ వైపు చూశాడు. "బాబాయ్, సమ్మెట..."

ఇస్‌హాక్ తలూపబోయాడు. అప్పుడు జవాద్ స్పీకర్ పెట్టాడు.

దబ్. దబ్. దబ్. మధ్యలో ఇసుక రాలిన చప్పుడు.

"ఆపండ్రా," అన్నాడు అబూ నజీ. "ఏంటీ మోత?"

"ఇస్‌హాక్ సమ్మెట," అంది ఉమ్ ఘైస్. "నిన్న రోజంతా విన్నా. కిటికీ మూసినా వినపడింది."

మైసూన్ లేచి నిలబడింది. గొంతు పెంచలేదు.

"పరిచిన చేతులే పలకలు లేపాయి
కట్టిన చేతులే గోడలు కూల్చాయి
మర్యాదగలవాళ్లు, కిటికీలు మూశారు
చూడలేదు మీరు, చప్పుడు విన్నారు
నిన్న మా ఇల్లు, రేపు నీ ఇల్లు
ఒక్కొక్కరం ఒంటరిగా, ఒక్కటే సమ్మెట"

పాట అయిపోయింది. చప్పట్లు లేవు. ఘైస్ మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"ఇదేం పాట?" అన్నాడు ఇస్‌హాక్.

ఆయన ఒకప్పుడు పెళ్లిళ్లలో పాడేవాడు. మగవాళ్లు వరసగా భుజం భుజం కలిపి నిలబడతారు. ముందున్నవాడు ఒక మాట అంటాడు, వరస చప్పట్లతో జవాబిస్తుంది. కూతురి ర్యాప్ ఆయనకు ఎప్పుడూ నచ్చలేదు.

"బాగోలేదా నాన్నా?"

"మాటలు బాగానే ఉన్నాయి. జవాబేదీ? నువ్వొక్కదానివే అనేసి కూర్చుంటే వరస ఏం చెయ్యాలి? నోళ్లు తెరుచుకుని చూడాలా?"

"అయితే జవాబు నువ్వు చెప్పు."

ఇస్‌హాక్ తన చేతుల వైపు చూసుకున్నాడు. వేళ్ల సందుల్లో సున్నం ఇంకా పోలేదు.

"నా చేత్తో కాదు," అన్నాడు.

జవాద్ మళ్లీ బీట్ పెట్టాడు. మైసూన్ అడిగింది: "రేపు నీ గోడ కూలేదెలా?" "నా చేత్తో కాదు," అని ఇస్‌హాక్ ఒక్కడే అన్నాడు. రెండోసారి ఉమ్ ఘైస్ అంది. ఆ తర్వాత ఘైస్ లేచి ఇస్‌హాక్ భుజానికి భుజం ఆనించాడు. పక్కన లువయ్ నిలబడ్డాడు. వరస డేరా బయటికి వెళ్లింది. అబూ నజీ చివర్లో చేరాడు. "బిల్లు ఎవడు కడతాడో చూస్తాగా," అంటూనే చప్పట్లు కొట్టాడు.

ఉమ్ ఘైస్ ఇంటిని ఎవరూ ముట్టుకోలేదు. గడువు దాటింది.

బుల్‌డోజర్ వచ్చింది. పోలీసులు వచ్చారు. ఇంటి ముందు వరస నిలబడి ఉంది. ఆడవాళ్లది రెండో వరస. కిటికీలన్నీ తెరిచి ఉన్నాయి.

అధికారి ఘైస్‌కు కాగితం చూపించాడు. "ఇప్పటికైనా మీరే కూల్చుకుంటే ఖర్చు తగ్గుద్ది."

"నా చేత్తో కాదు," అన్నాడు ఘైస్. వరస అదే మాట అంది.

పోలీసులు స్పీకర్ లాక్కున్నారు. చప్పట్లు ఆగలేదు. జవాద్‌ను నేల మీద పడేశారు. మైసూన్ తర్వాతి చరణం ఎత్తుకుంది. ఆమె చేతులు వెనక్కి విరిచి ప్లాస్టిక్ పట్టీ బిగించారు. జీపులో పడేసేదాకా ఆమె అడుగుతూనే ఉంది, వరస చెబుతూనే ఉంది.

జీపు కిటికీలోంచి ఇల్లు కూలడం చూసింది. మధ్యాహ్నంలోపే అయిపోయింది. ఏడుపు ఇప్పుడూ రాలేదు.

కొన్నాళ్లకు ఆమెను వదిలారు. వాడలో అడుగు పెట్టకూడదన్నది షరతు. జవాద్‌ను వదల్లేదు. జైలు గేటు బయట అరుగు మీద ఇస్‌హాక్ కూర్చుని ఉన్నాడు. ఒళ్లో జాతర్ అనే ఆకుల పొడి చల్లిన రొట్టె పొట్లం ఉంది.

"తిను."

ఆమె పక్కన కూర్చుంది. "ఉమ్ ఘైస్ పిన్ని?"

"డేరాలో, మాతోనే. బిల్లు వేశారు. కట్టనంది."

ఆమె రొట్టె తుంపబోయింది. మణికట్టు మీద పట్టీ కోసుకున్న చోట మండింది. వేళ్ల కణుపులు నొప్పి పుట్టాయి. చేతుల్లోకి స్పర్శ తిరిగి వస్తోంది.

"నీ రెండో చరణం పొడుగు," అన్నాడు ఇస్‌హాక్. "వరసకి ఊపిరి అందట్లేదు. కొంత తీసేశా."

"నన్నడక్కుండానా?"

"నువ్వు లోపలున్నావ్. నిన్న మళ్లీ నోటీసులు అతికించడానికొచ్చారు. అప్పటికప్పుడు పాడాలి కదా."

"నోటీసులు ఎవరికి?"

"మూడిళ్లకి. అబూ నజీకి కూడా."

మైసూన్ నమలడం ఆపింది. అబూ నజీని ఆమెకు తెలుసు. కొట్టులో అరువు అడిగినా నసిగే మనిషి.

"సమ్మెట ఎవరు తీసుకెళ్లారు నాన్నా?"

ఇస్‌హాక్ పొట్లం కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"పలకల పక్కనే ఉంది," అన్నాడు. "ఎవరూ అడగలేదు."